ఫంక్షన్ జనరేటర్‌లో వోల్టేజీ డిప్ సీక్వెన్స్: బోరు మోటారు కంట్రోలర్ టెస్టింగు

అనంతపురం_బెంచి:
బోరు మోటారు స్టార్టరుకు లో, హై వోల్టేజీ ట్రిప్ బోర్డు చేస్తున్నాం. కీసైట్ 33522బి ఫంక్షన్ జనరేటర్ ఉంది. 50 హెర్ట్జ్ సైన్ మామూలుగా నడుస్తా, ట్రిగర్ ఇస్తానే 70 శాతానికి పడి, 25 సైకిళ్ల తర్వాత లేవాల. 130 శాతం కూడా చూడాల. బోర్డులోని ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) 0-3.3 వోల్టులు, మామూలు సిగ్నల్ 2 వోల్టుల పీక్ టు పీక్. సెగ్మెంటుకొక (తరంగం ముక్కకొక) ఆంప్లిట్యూడ్ ఎట్ల పెట్టాల?

కర్నూలు_స్కోప్:
అట్ల పెట్టలేమన్నా. సీక్వెన్సులో శాంపిల్ రేటు, ఆంప్లిట్యూడ్, ఆఫ్‌సెట్ అన్నిటికీ ఒకటే. తేడా డేటాలోనే, అంటే పాయింట్ల విలువల్లోనే చూపాల. 130 శాతాన్ని ఫుల్ స్కేల్ అనుకో: ఆంప్లిట్యూడ్ 2.6 వోల్టుల పీక్ టు పీక్, ఆఫ్‌సెట్ (తరంగం మధ్య గీత) 1.65 వోల్టులు. పాయింట్ల పీకు 130కి 1.0, మామూలుకు 0.769, 70కి 0.538. ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ప్రతి సెగ్మెంటునూ 1.0కు సాగదీస్తే మూడూ ఒకే ఎత్తులో వస్తాయి, ఆ ఆప్షన్ తీసెయ్.

సెగ్మెంటుకు 1000 పాయింట్లు, 50 కిలోశాంపిల్స్, అంటే 20 మిల్లీసెకన్లు. పాయింట్లు 0 నుంచి 999 దాకానే. 1000వది మళ్లీ సున్నానే కాబట్టి అదీ చేరిస్తే ప్రతి సైకిల్ అతుకులో ఒక మెట్టు కనపడుతుంది, ఫ్రీక్వెన్సీ కూడా కాస్త తగ్గుతుంది.

ప్లే కంట్రోల్: మామూలు సెగ్మెంట్ 'రిపీట్ అంటిల్ ట్రిగర్', డిప్ 'రిపీట్' 25, మళ్లీ మామూలు 'రిపీట్' 100.

అన్నిటికన్నా ముందు అవుట్‌పుట్ లోడ్ 'హై జెడ్' (హై ఇంపెడెన్స్) చెయ్. మొదట్లో 50 ఓమ్స్ ఉంటుంది. ఏడీసీ లాంటి హై ఇంపెడెన్స్ మీద చూపించిన దానికి రెట్టింపు వస్తుంది: 1.65 ఆఫ్‌సెట్ 3.3 అవుతుంది, పీకు 5.9 దాకా పోతుంది. ఏడీసీ పిన్ను కాలిపోవచ్చు. సిరీసులో 1 కిలో ఓమ్ వేస్తే కొంత కాపాడుతుంది.

కడప_పవర్:
పైన చెప్పిన పద్ధతిలో డిప్ ఎప్పుడూ జీరో క్రాసింగ్ (తరంగం మధ్య గీతను దాటే చోటు) దగ్గరే పడుతుంది. లైన్లో ఫాల్టు అట్ల చూసుకుని రాదు. 90 డిగ్రీల దగ్గర కూడా పెట్టి చూడండి: మామూలు సైన్ మొదటి 250 పాయింట్లు 'వన్స్', తర్వాత 0.538 ఎత్తు కొసైన్ 25 సార్లు, ఆపైన మామూలు సైన్ మిగిలిన 750 పాయింట్లు 'వన్స్'. ఆర్ఎంఎస్ లెక్కలోని లోపాలు ఇక్కడే బయటపడతాయి.

డిప్ సెగ్మెంటుకు మార్కర్ 'హై ఎట్ స్టార్ట్', దాని తర్వాతి దానికి 'లో ఎట్ స్టార్ట్' ఇస్తే సింక్ అవుట్‌పుట్‌తో స్కోపును ట్రిగర్ చేసుకోవచ్చు. రిలే ఎంత ఆలస్యంగా పడిందో సూటిగా కొలవచ్చు.

బోర్డుకు మెయిన్స్ తగిలించి ఉండగా జనరేటర్ కలపొద్దు. ఐసొలేటెడ్ డీసీ సప్లై మీద నడపండి, పీటీ (మెయిన్స్ వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్), బయాస్ రెసిస్టర్లు (సిగ్నల్ మధ్య గీతను పైకి జరిపేవి) విప్పి ఏడీసీ వైపే ఇవ్వండి. లేకుంటే రెండు బయాసులు కొట్లాడి రీడింగు పక్కకు జరుగుతుంది.

అనంతపురం_బెంచి:
లోడ్ 50 ఓమ్స్ మీదే ఉండాది. మార్చినాకే బోర్డు కలుపుతాం.