ఈ వారం సమస్య: ఓటు వేసి శత్రు వోడిపోయె

మల్కాజిగిరి మాస్టారు:
శనివారం రాత్రి మా మేనల్లుడు నన్ను కూర్చోబెట్టి సివిలైజేషన్ 4 ఆడించాడు. 2005 నాటి కంప్యూటర్ ఆట, రాజ్యాలు కట్టి ఏలుకోవడం. దానికి 2007లో వచ్చిన బియాండ్ ద స్వోర్డ్ అనే అదనపు భాగం కూడా వేసుకున్నాడు. నేను సరిహద్దులో ఏనుగులను వరుసగా నిలబెట్టుకుని యుద్ధానికి సిద్ధమవుతుంటే వాడు ఒక్క బాణం కూడా వేయకుండా, అపోస్టలిక్ ప్యాలెస్ అనే భవనంలో ఓటింగ్ పెట్టి గెలిచేశాడు. చేతులెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను! ఆ ఉడుకులోంచి పుట్టిన సమస్య ఇది:

ఓటు వేసి శత్రు వోడిపోయె

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే. ఆటతో ముడిపెట్టి పూరిస్తే సంతోషం, పెట్టకపోయినా కోపం లేదు. ఒక్క జాగ్రత్త: మూడో పాదాన్ని ద్రుతంతో, అంటే చివర నకారంతో, ముగించకండి. 'ఓటు' కాస్తా 'నోటు' అయిపోతుంది. మన ఊళ్ళో ఆ రెండూ పక్కపక్కనే తిరుగుతాయనుకోండి, అయినా సమస్యను మార్చకూడదు.

మియాపూర్ మెట్రో:
మాస్టారూ, మొదట 'ఓ', నాలుగో గణం మొదట 'వో'. యతి చెల్లుతుందా?

మల్కాజిగిరి మాస్టారు:
శత్రువు + ఓడిపోయె. సంధిలో కలిసిన అచ్చు 'ఓ'నే కదా, యతి దానికి. నిశ్చింతగా రాయండి.

బోరబండ బుడ్డోడు:
పద్యం రాయడం ఇది రెండోసారి. తిట్టకండి. మాంటెజూమా అంటే ఆ ఆటలో ఒక రాజు.

ఇంత సైన్యముండి ఏంటిది అన్నాడు
మాంటెజూమా కత్తి మూలపడగ
చిన్న ఊరిలోన చేరి గురువు నిల్చి
ఓటు వేసి శత్రు వోడిపోయె

మల్కాజిగిరి మాస్టారు:
తిట్టను గానీ ఎర్రపెన్ను తీస్తాను. మొదటి పాదంలో గణాలు కుదిరాయి, ఇ–ఏ యతి కూడా బాగుంది. 'ఉండి ఏంటిది అన్నాడు' అని అచ్చులను విడివిడిగా వదిలేయడమే బాగాలేదు. రెండో పాదంలో 'జూమా' రెండు గురువులు. సూర్యగణమంటే గలం (ఒక గురువు, ఒక లఘువు) గానీ, మూడు లఘువులు గానీ. సీతా మన నోట 'సీత' అయినప్పుడు మాంటెజూమా 'మాంటెజూమ' ఎందుకు కాకూడదు? 'మాం'కి 'మూ'తో యతి అసలే చెల్లదు.

మూడో పాదంలో ఉన్నది అసలు చిక్కు. 'గురువు నిల్చి... శత్రు వోడిపోయె' అన్నావు. నిలిచింది ఒకరు, ఓడింది ఇంకొకరు. 'నిల్చి' లాంటి క్త్వార్థం పెడితే రెండు పనులకూ కర్త ఒక్కరే ఉండాలి. పైగా ఆ 'చిన్న' ఎందుకు? గణం నింపడానికి తెచ్చిన మాటలా ఉంది. ఇలా సవరించి చూడు:

ఇంత సైన్యముండ నేమిటిది యటంచు
మాంటెజూమ కత్తి మాసిపోగ
చిన్న యూరిలోన చేరె గురువు నాడు
ఓటు వేసి శత్రు వోడిపోయె

'చిన్న'కి బదులు ఇంకేదైనా తోస్తే చెప్పు.

బోరబండ బుడ్డోడు:
మిగతావన్నీ ఒప్పుకుంటా మాస్టారూ, 'చిన్న' మాత్రం తీయను. పద్యానికి ప్రాణమే అది. అపోస్టలిక్ ప్యాలెస్‌లో గెలుపు తీర్మానం రావాలంటే బతికున్న ప్రతి రాజ్యంలోనూ కనీసం ఒక్క ఊళ్ళో ఆ ప్యాలెస్‌కు చెందిన మతం ఉండాలి. ఓట్లేమో ఆ మతం ఉన్న ఊళ్ళ జనాభాను బట్టి వస్తాయి. గెలవాలంటే 75 శాతం కావాలి. శత్రువు రాజధానిలోకి మిషనరీని, అంటే నా పద్యంలోని గురువును, పంపామంటే వాడి చేతికి ఓట్ల కట్ట ఇచ్చినట్టే. అందుకని మూలనున్న, ఇద్దరో ముగ్గురో జనాభా ఉన్న పల్లెటూరు వెతకాలి. అక్కడ దిగితే లెక్కకు వాడి రాజ్యంలోనూ మతం ఉన్నట్టే, వాడి ఓటు మాత్రం చిటికెడు. మనకు వ్యతిరేకంగా వేసుకున్నా ఏం కాదు. వేస్తాడు, ఓడిపోతాడు. అదే కదా మీరిచ్చిన సమస్య!

మల్కాజిగిరి మాస్టారు:
అబ్బా. వ్యర్థపదమన్న మాట వెనక్కి తీసుకున్నాను. మా మేనల్లుడు నా రాజధాని వదిలేసి ఏనుగుదంతం దొరికే కుగ్రామానికి ఎందుకు వచ్చాడో ఇప్పుడు అర్థమైంది. పాపం చూడ్డానికొచ్చాడేమో అనుకుని ఓపెన్ బోర్డర్స్‌కి, అంటే సరిహద్దులు తెరిచే ఒప్పందానికి, నేనే ఒప్పుకున్నాను. సరే, నా పూరణ:

మతము నిచ్చినాడ మైత్రితో నొక్కొక్క
పురికి గుడియు కట్టి పొత్తు కలిపి
సభను పిలిచినంత సరియంచు నావైపె
ఓటు వేసి శత్రు వోడిపోయె

బోరబండ బుడ్డోడు:
పద్యం సాఫీగా ఉంది మాస్టారూ. కాకపోతే పరాయి ఊళ్ళో మనం గుడి కట్టలేం. మిషనరీని పంపడం వరకే మన పని, ఆ ప్రయత్నం కూడా ఒక్కోసారి బెడిసికొడుతుంది. అవతలివాడు థియోక్రసీ (మతపాలన) పెట్టుకుంటే తనది కాని మతాన్ని అసలు వ్యాపించనివ్వడు.

మల్కాజిగిరి మాస్టారు:
'పురికి గురుని పంపి పొత్తు కలిపి.' గణాలూ యతీ కదల్లేదు. పెన్ను నీ చేతికే ఇవ్వాలేమో.

మియాపూర్ మెట్రో:
నేను ఆడేది సివిలైజేషన్ 6. అందులో మతగురువులు ఎదురుపడి వాదించుకుంటుంటే పైనుంచి మెరుపులు పడతాయి. చూడముచ్చటగా ఉంటుంది.

వాద మాడి బుధులు వరుసగా ఢీకొన్న
మెరుపు లెన్నొ కురిసె మింటినుండి
నగరములు సగమ్ము నాకు దక్కినవయ్య
ఓటు వేసి శత్రు వోడిపోయె

మల్కాజిగిరి మాస్టారు:
మొదటి మూడు పాదాలు కళ్ళకు కట్టాయి. 'నగరములు సగమ్ము' దగ్గర మాట గణం మధ్యలో విరిగినా ధార చెడలేదు. మరి నాలుగో పాదం అతుకుతోందా? మెరుపుల్లోంచి ఓటు ఎలా ఊడిపడింది?

బోరబండ బుడ్డోడు:
అతకదు. 6లో మతవిజయానికి ఓటింగే లేదు. ప్రతి నాగరికతలోనూ మన మతానిదే పైచేయి కావాలి, అంటే సగానికి మించిన నగరాలు. సరిగ్గా సగం వస్తే కూడా చాలదన్నా.

మియాపూర్ మెట్రో:
రాత్రి పన్నెండింటికి రాస్తే ఇంతే. మెరుపుల మీద మోజుతో సమస్యను మర్చిపోయా.

నల్లకుంట అత్తయ్య:
నాకు మీ ఆటలు తెలియవు. మా అపార్ట్‌మెంట్ సంగతి రాశాను.

లడ్డు పెట్టి యింటి లక్ష్ముల నందర
చెంత చేర్చుకొంటి చిరునగవున
చవితి మండపాన జరిగె నెన్నిక చూడు
ఓటు వేసి శత్రు వోడిపోయె

ట్రెజరర్ పదవికి నాతో పోటీ పడ్డావిడ రెండు లడ్డూలు తిని, మొహమాటానికి నాకే చెయ్యెత్తింది.

మల్కాజిగిరి మాస్టారు:
అత్తయ్యగారూ, మీకు ఆట తెలియదంటే నమ్మను. యతులన్నీ చక్కగా పడ్డాయి. చ–జ మైత్రిని అలవోకగా వేశారు. 'దక్కెను జూడు' తరహాలో 'చూడు'ని సరళం చేస్తారేమో అనుకున్నాను గానీ, 'ఎన్నిక' ద్రుతాంతం కాదు కాబట్టి మీరన్నదే ఒప్పు. 'ఇంటి లక్ష్ములు' అన్నారు కదా, మగవాళ్ళకు లడ్డూ లేదా?

నల్లకుంట అత్తయ్య:
మా మీటింగులకు మగవాళ్ళు రారు నాయనా. ఆ బోరబండ అబ్బాయిని ఒకటి అడగాలి. ఆ పాత ఆట మా ఇంట్లో ఉన్న డొక్కు ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా?

బోరబండ బుడ్డోడు:
ఆడుతుంది అత్తయ్యా. ముందు అశోకుణ్ణి తీసుకోండి, ఆధ్యాత్మిక లక్షణం ఉన్న రాజు. మతం మార్చినా రాజ్యంలో అరాచకం రాదు. మఠం కడితే మిషనరీలను తయారుచేసుకోవచ్చు. కాకపోతే ఒక్కో మతానికి ఒకేసారి ముగ్గురికి మించి ఉండరు.

నల్లకుంట అత్తయ్య:
ముగ్గురేనా? మా బ్లాకుకే నలుగురు కావాలి.