ఘాట్ ఎక్కితేనే ఆయిల్ కారుతోంది, పొద్దున్నే టిక్ టిక్ శబ్దం: టర్బో పోయినట్టేనా?

బాలాజీకాలనీ_బండి

అన్నలందరికీ నమస్కారం. నిరుడు బెంగళూరులో ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొన్నాను. 2017 మోడల్, 2.0 లీటర్ టర్బో పెట్రోల్, ముందు చక్రాల డ్రైవ్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. కాలేజీ రోజుల నుంచి ఇట్లాంటి బండి మీద ఆశ, మూడేళ్లు డబ్బులు కూడబెట్టి తెచ్చుకున్నాను, అందుకే ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

సమస్య ఏమిటంటే, తిరుపతి ఊళ్లో ఎంత తిరిగినా ఒక్క చుక్క కారదు. అదే అలిపిరి దాటి కొండెక్కితే, పైన పార్కింగ్‌లో ఆపగానే బానెట్ సందుల్లోంచి సన్నగా పొగ, ఆయిల్ మాడిన వాసన. మర్నాడు పొద్దున చూస్తే ఇంటి ముందు టైల్స్ మీద మూడు నాలుగు చుక్కలు ఉంటాయి. తిరుమల ఘాట్ రూల్ ప్రకారం 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదు కాబట్టి నేను తొక్కింది కూడా ఏమీ లేదు, నలుగురం ఉన్నాం, ఏసీ వేసుకున్నాం, అంతే. పోయిన ఆదివారం పీలేరు వైపు వెళ్తూ భాకరాపేట ఘాట్‌లో కూడా ఇదే జరిగింది.

రెండోది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజన్ వెనక వైపు నుంచి టిక్ టిక్ టిక్ అని వస్తుంది, యాక్సిలరేటర్‌తో పాటే వేగం పెరుగుతుంది, అయిదారు నిమిషాలకు మాయమవుతుంది. పికప్ కూడా ముందున్నంత లేదు, బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ప్రెషర్, కాస్త ఆలస్యంగా అందుకుంటోంది. స్కానర్ పెడితే కోడ్ ఏమీ లేదు గానీ ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ప్లస్ 11, 12 చూపిస్తోంది.

ఇక్కడ ఒక గ్యారేజీలో చూపిస్తే కింద నుంచి టార్చ్ వేసి రెండు నిమిషాలు చూసి, టర్బో అంతా ఆయిల్ తడి, టర్బో మార్చాల్సిందే, 1 లక్షా 60 వేలు అవుతుంది అన్నారు. అంత డబ్బు ఇప్పుడు నా దగ్గర లేదు. నిజంగా టర్బో పోయిందా? ఇంకో మాట, కొండ మీదికి వెళ్లినరోజు అమ్మ తల బరువుగా ఉంది అంది. ఘాట్ మలుపుల వల్ల అనుకున్నాం.

మదనపల్లె_రోడ్డు

పొగ గురించి ఒకటి చెప్పు బ్రదర్, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా, లేక బానెట్ కింద నుంచి మాత్రమేనా? ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు విప్పి లోపల ఆయిల్ ఉందేమో చూశారా? పలచగా జిడ్డు ఉంటే పర్వాలేదు, ఏ టర్బో బండిలోనైనా కాస్త ఉంటుంది, పైపు వంచితే ఆయిల్ కారితేనే ఆలోచించాలి.

బాలాజీకాలనీ_బండి

సైలెన్సర్ నుంచి పొగ ఎప్పుడూ చూడలేదు అన్నా. పైపు ఎవరూ విప్పలేదు.

గ్రీంస్‌పేట_స్పానర్

తమ్ముడూ, చిత్తూరులో 22 ఏళ్లుగా ఇంజన్ పనే చేస్తున్నాను. టర్బో తడిగా ఉంది కాబట్టి టర్బో పోయింది అనడం, వాన పడి వాకిలి తడిసితే బోరు పైపు పగిలింది అన్నట్టు ఉంటుంది. నీ బండిలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, టర్బో ఫైర్‌వాల్ వైపు, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ వైపు, కింద ఉంటుంది, పైన ఎక్కడ లీకైనా ఆయిల్ కిందికే కదా జారేది, దానికి తోడు బండి పోతుంటే గాలి వెనక్కి తోస్తుంది. అందుకే కింద నుంచి టార్చ్ వేసి చూస్తే ఏమీ తేలదు. ఎప్పుడైనా అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు వైపు ఎక్కడ తడి ఉందో అక్కడి నుంచి వెతకాలి.

ముందు ఇంజన్ శుభ్రం చేయించు. వాటర్ వాష్ వాడి దగ్గరికి పోయి ప్రెషర్‌తో కొట్టించొద్దు, ఆల్టర్నేటర్‌లోకీ కాయిల్ కనెక్టర్లలోకీ నీళ్లు పోతే ఇంకో ఖర్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాక డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిపించు. పని ఒక పూట పడుతుంది, విసుగు కూడా వస్తుంది, అయినా ఇది చేయకుండా తర్వాత ఏం చేసినా గుడ్డి ఊహే. తుడిచాక అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసే పౌడర్ పలచగా చల్లు. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) అంచు చుట్టూ, ముఖ్యంగా వెనక మూలలు, టర్బోకి పైనుంచి ఆయిల్ వచ్చే సన్న పైపు బాంజో బోల్ట్ (లోపల ఆయిల్ పోయే రంధ్రమున్న బోల్ట్) దగ్గర, కింద రిటర్న్ పైప్ ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే జాయింట్ అంచు) దగ్గర, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్, హెడ్ పక్కన ఉండే బ్రేక్ వాక్యూమ్ పంప్ ప్యాకింగ్. టర్బో బాడీ మీదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలు) మీదా చల్లొద్దు. ఇప్పుడు ఘాట్ ఎక్కి దిగి వచ్చి చూడు, ఆయిల్ ఎక్కడ మొదలైందో పౌడర్ మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. యూవీ డై కూడా దొరుకుతుంది, ఆయిల్‌లో కలిపి కాసేపు తిప్పి యూవీ లైట్ వేస్తే లీకైన చోట పచ్చగా మెరుస్తుంది, చేతికి అందని వెనక మూలలకు అదే మంచిది.

అసలు సంగతికి వస్తాను. ఊళ్లో కారదు, ఘాట్‌లోనే కారుతుంది అన్నావు చూడు, నువ్వు రాసినదాంట్లో అన్నిటికంటే విలువైన మాట అదే. ఊళ్లో మెల్లగా పోతుంటే ఇంటేక్ మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టాల్లో) వాక్యూమ్ ఉంటుంది, ఇంజన్ లోపలి ఆవిరిని బ్రీదర్ వాల్వ్ అటు లాగేస్తుంది. నలుగురితో ఎక్కుడు ఎక్కుతుంటే నువ్వు స్పీడ్ పోకపోయినా బూస్ట్ వస్తుంది, అప్పుడు అదే మానిఫోల్డ్‌లో ప్రెషర్ ఉంటుంది. ఆ ప్రెషర్ వెనక్కి రాకుండా బ్రీదర్‌లో ఒక వన్‌వే వాల్వ్ మూసుకోవాలి. అది పాడైతే బూస్ట్ నేరుగా ఇంజన్ కడుపులోకి పోతుంది, లోపల ప్రెషర్ పెరిగి ఏ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే దాంట్లోంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. ఐడ్లింగ్‌లో పెట్టి గంట చూసినా ఏమీ కనిపించదు. ఇంకా, టర్బో నుంచి ఆయిల్ కింద చాంబర్‌లోకి తిరిగొచ్చేది దాని బరువు మీదే, పంపు ఏదీ లాగదు. లోపల ప్రెషర్ ఉంటే ఆ ఆయిల్ దిగలేక టర్బో సీల్స్ దాటి వస్తుంది. అట్లాంటి బండికి కొత్త టర్బో వేసినా మళ్లీ అదే తడి. ఇది నేను రెండు మూడు బళ్లలో చూశాను, వాళ్లు పోగొట్టుకున్న డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

టెస్ట్ సులువు. బ్రీదర్ వాల్వ్ విప్పి, ఇంటేక్ మానిఫోల్డ్‌కి పోయే వైపు శుభ్రంగా తుడిచి నోటితో ఊదు. గాలి లోపలికి పోకూడదు. పోతే వాల్వ్ పోయినట్టే.

టర్బో నిజంగా పోయిందో లేదో తెలియాలంటే ఇంటేక్ పైపు విప్పి చక్రం పట్టుకుని కదిపి చూడాలి. పక్కలకు కొద్దిగా ఆడితే కంగారు పడొద్దు, ఆయిల్ పొర మీద తిరిగే బేరింగ్ కదా, ఆ మాత్రం ఉంటుంది. ముందుకూ వెనక్కీ కొట్టుకుంటే, లేదా రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉంటే అప్పుడు టర్బో మాట మాట్లాడదాం. కొండ దిగేటప్పుడు కూడా ఒకటి గమనించు. మొదటి ఘాట్‌లో చాలాసేపు యాక్సిలరేటర్ వదిలేసి గేర్ మీద దిగుతావు, కింద అలిపిరి దగ్గర మళ్లీ తొక్కగానే ఒక్కసారి నీలం పొగ వస్తే అది ఎక్కువగా వాల్వ్ సీల్స్ పని. ఎక్కేటప్పుడు బూస్ట్‌లో నీలం పొగ వస్తుంటేనో, ఎక్కువసేపు ఐడ్లింగ్‌లో ఉంచి తొక్కితే వస్తుంటేనో టర్బోని అనుమానించాలి. వెనక వచ్చే బండిలో మీ వాళ్లెవరినైనా చూడమను, నీకు అద్దంలో సరిగ్గా కనిపించదు.

చంద్రగిరి_క్లాస్‌రూమ్

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెప్తాను. పైన అన్న ఆయిల్ గురించి చక్కగా రాశారు, నాకు భయమేసింది మాత్రం మీ అమ్మగారి తలనొప్పి చదివి. దయచేసి దాన్ని మలుపుల మీద తోసేయకండి. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కాక పోవడం, బూస్ట్ ఆలస్యం, ఈ మూడూ కలిస్తే టర్బోకి ముందే ఎగ్జాస్ట్ లీకవుతోందని మొదట అనుమానించాలి. మానిఫోల్డ్ హెడ్‌కి కలిసే ప్యాకింగ్ కావచ్చు, మానిఫోల్డ్‌కీ టర్బోకీ మధ్య ఫ్లాంజ్ కావచ్చు, స్టడ్ (నట్ బిగించే కడ్డీ) విరిగిందేమో, నట్ ఊడిందేమో. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే శబ్దం పోతుంది. శబ్దం పోయింది కాబట్టి లీక్ పోయిందని కాదు, ఘాట్‌లో లోడ్ పడితే మళ్లీ తెరుచుకోవచ్చు.

ఏసీకి బయటి గాలి తీసుకునే జాలి ముందు అద్దం కింద, సరిగ్గా మీ టర్బో ఉన్న వైపే ఉంటుంది. లీకైన ఎగ్జాస్ట్ అక్కడి నుంచి లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఆయిల్ మాడిన వాసన వస్తే కనీసం తెలుస్తుంది, ఇది తెలియనివ్వదు. తల బరువు, కడుపులో తిప్పడం, మగత దాని మొదటి గుర్తులు, మలుపుల వల్ల వచ్చే లక్షణాలు కూడా అచ్చం అవే కాబట్టే మనం మోసపోతాం. లీక్ సరిచేసేదాకా ఇంట్లోవాళ్లని ఆ బండిలో ఎక్కించకండి. గ్యారేజీకి తీసుకెళ్లాలంటే మీరొక్కరే, అద్దాలన్నీ దించి వెళ్లండి. షట్టర్ దించిన గదిలో, ఇంటి పార్కింగ్ లోపల ఇంజన్ ఆడిస్తూ వెతకొద్దు. మంట సంగతీ గుర్తుంచుకోండి, లోడ్‌లో పెట్రోల్ టర్బో మానిఫోల్డ్ 800, 900 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, దాని మీద ఆయిల్ పడుతుంటే ఎప్పుడూ పొగతోనే ఆగుతుందని నమ్మకం లేదు. అందుకే పౌడర్ టెస్ట్ కోసం కూడా ఇప్పుడే ఘాట్ ఎక్కొద్దు, ముందు ఎగ్జాస్ట్ చూడండి.

లీక్ పట్టుకోవడానికి ఇంజన్ ఆన్ చేయాల్సిన పని కూడా లేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్, వ్యాక్యూమ్ క్లీనర్‌లో గాలి బయటికి ఊదే వైపు గొట్టం, అది సైలెన్సర్ చివర పెట్టి చుట్టూ తడిగుడ్డ చుట్టండి. స్ప్రే బాటిల్‌లో సబ్బునీళ్లు పోసి జాయింట్ల మీద కొట్టండి, లీకున్న చోట బుడగలు పొంగుతాయి. మా పిల్లలకు ల్యాబ్‌లో ఇదే చేయిస్తాను. హీట్ షీల్డ్ తీస్తే నల్లగా మసి చార కనిపించొచ్చు, అది కూడా గట్టి సాక్ష్యమే.

ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 12 దీనికి సరిపోతుంది గానీ దాన్ని పట్టుకుని తేల్చేయలేం. ఐడ్లింగ్‌లో ఎగ్జాస్ట్ అలలు అలలుగా పోతుంది, సందు ఉంటే అల వెనక బయటి గాలిని లోపలికి లాగుతుంది, ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందని చెప్తుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ పెంచుతుంది. బ్రీదర్ నుంచి దొంగగాలి పోయినా ఇదే అంకె రావచ్చు.

మదనపల్లె_రోడ్డు

మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నట్లు తిప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త బ్రదర్, తుప్పు పట్టిన మానిఫోల్డ్ స్టడ్ విరిగితే ఖర్చు ఎక్కడికో పోతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననివ్వండి. అలాగే టర్బో ఆయిల్ పైపుల దగ్గర ఎవరైనా సిలికాన్ పేస్ట్ పూస్తానంటే ఒప్పుకోవద్దు, అది ఊడి సన్న దారిలో అడ్డం పడితే మంచి టర్బో కూడా ఎండి చస్తుంది. బాంజో బోల్ట్ విప్పితే కాపర్ వాషర్లు కొత్తవే వేయించండి, పాతవి ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోవు.

బాలాజీకాలనీ_బండి

పది రోజులకు మళ్లీ రాస్తున్నాను. మేడమ్ మాట చదివిన రోజే బండి పక్కన పెట్టేశాను, అమ్మని ఆర్టీసీ బస్సులో కొండకు పంపించాను.

సబ్బునీళ్ల టెస్ట్ ఇంటి ముందే, ఆరుబయట చేశాం. హీట్ షీల్డ్ తీయగానే నాలుగో సిలిండర్ దగ్గర మసి చార, స్ప్రే కొడితే బుసబుసా నురగ. ఒక నట్ అసలు లేనే లేదు, దాని పక్క నట్ చేత్తో తిరుగుతోంది. తర్వాత అద్దాలు దించి చిత్తూరు తీసుకెళ్లి అన్న దగ్గరే పెట్టాను. స్టడ్ విరక్కుండా వచ్చింది, కొత్త స్టడ్లు, నట్లు, మానిఫోల్డ్ ప్యాకింగ్ వేశారు. బ్రీదర్ వాల్వ్ నా చేతికిచ్చి ఊదమన్నారు, రెండు వైపులా గాలి హాయిగా పోయింది. లోపలి రబ్బరు చీలి ఉంది. ట్యాపెట్ కవర్ వెనక మూల తడి, దాని కింద టర్బో హీట్ షీల్డ్ మీద మాడిన ఆయిల్ పొర, అక్కడి నుంచే ఆ వాసన. టర్బో చక్రం కదిపి చూపించారు, రెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి, ఇంటర్‌కూలర్ పైపులో పలచటి జిడ్డు తప్ప ఏమీ లేదు. అన్నీ కలిపి 19 వేలు అయింది.

అప్పటి నుంచి నేనొక్కడినే రెండుసార్లు కొండెక్కాను, ఒకసారి భాకరాపేట వెళ్లొచ్చాను. పొద్దున టిక్ లేదు, ట్రిమ్ ప్లస్ 2, 3 దగ్గర ఉంది. టైల్స్ మీద అట్ట ముక్క వేసి పెట్టాను, మూడు రాత్రులూ పొడిగానే ఉంది. బూస్ట్ అందుకోవడం చూస్తుంటే నేను కొన్నరోజు ఉన్న బండి కంటే బాగుంది, అంటే ఆ నట్ నేను కొనకముందే ఊడిపోయి ఉంటుంది.

మీ ముగ్గురికీ ఎట్లా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

గ్రీంస్‌పేట_స్పానర్

సంతోషం తమ్ముడూ. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురా, బాగా చల్లారిన ఇంజన్ మీద ఆ మానిఫోల్డ్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూస్తాను, కొత్త ప్యాకింగ్ వేడికి కొద్దిగా కూర్చుంటుంది. డిప్ స్టిక్ వారానికోసారి చూసి ఎంత తగ్గిందో రాసి పెట్టు. ఘాట్ ఎక్కి ఆపగానే కీ తిప్పేయకుండా ఒక నిమిషం ఐడ్లింగ్‌లో వదులు.

చంద్రగిరి_క్లాస్‌రూమ్

అమ్మగారికి తలనొప్పి మళ్లీ రాలేదు కదా?

బాలాజీకాలనీ_బండి

లేదు మేడమ్. నిన్న బయటి గాలి మోడ్‌లో పెట్టి కాణిపాకం తీసుకెళ్లాను, దారంతా కబుర్లు చెప్తూనే ఉంది.