ఒట్టి కెనా, ఒంటి కెనా?

హన్మకొండ అమ్మ:
మూడు రోజులుగా ఒక మాట నన్ను సతాయిస్తోంది. పరకాల వైపు ఊళ్ళో నేను ఏడో తరగతి చదివేటప్పుడు మా ఇంగ్లీష్ సార్ క చప్పుడు స్పెల్లింగుల కోసం తెలుగులో ఒక పాట లాంటిది కట్టారు. డస్టర్‌తో బల్ల మీద దరువు వేస్తూ క్లాసంతా చెప్పించేవారు. ‘పొట్టి అచ్చు వెంట జంట, పొడుగు అచ్చు వెంట ఒట్టి కె.’ జంట అంటే సి, కె రెండూ కలిపి. మొన్నటిదాకా ‘ఒట్టి’ అనే అనుకున్నాను, కానీ మా చెల్లెలు ‘ఒంటి’ అంటోంది, అప్పటి నుంచి నాకూ అనుమానం. తర్వాత ఇంకో పాదం ‘నడుమ హల్లు’ అని మొదలయ్యేది, మిగతాది మర్చిపోయాను. ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే ఆదివారం మా పాపకు డిక్టేషన్ చెప్తుంటే తాళానికి ఎల్, ఓ, కె అని రాసి ఊరుకుంది. పొట్టి అచ్చు కదా బిడ్డా, జంట రాయాలి అన్నాను. ‘లాక్‌లో లా దీర్ఘమే కదమ్మా’ అంది. నేను నోరు మూసుకున్నాను.

ఛందం పిచ్చోడు:
అక్కా, మాత్రలు లెక్కపెట్టండి, పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ, సున్నా ఉన్నదానికీ, వత్తు ముందున్నదానికీ రెండు. పొట్టి మూడు, అచ్చు మూడు, వెంట మూడు, జంట మూడు. రెండో పాదంలో పొడుగు మూడు, అచ్చు మూడు, వెంట మూడు, ఒంటి మూడు. పన్నెండుకు పన్నెండు సరిపోయాయి. వెంట, జంట, ఒంటి, మూడింట్లోనూ సున్నా తర్వాత ట ఉంది, కాబట్టి ‘ఒంటి’ ఖాయం. చివర్న కె మీరు తర్వాత కలుపుకున్నదే అయుంటుంది.

హన్మకొండ అమ్మ:
కె ఉంది తమ్ముడూ, అది మాత్రం ఖచ్చితం. ఆ కె దగ్గరే డస్టర్ గట్టిగా పడేది, సుద్దపొడి లేచేది.

మడికొండ తెలుగు పంతులు:
ఒట్టి కూడా మూడు మాత్రలే కదా నాయనా, లెక్క దేన్నీ తేల్చదు. పైగా పొట్టి, ఒట్టి అన్న పొందిక చూడండి, పిల్లల నోట నిలిచేది అదే. జంటకు ఎదురుగా ఉన్నది ఒంటరితనం కాదు, వెలితి. పక్కన సి లేదు, ఉన్నది వట్టి కె. వట్టి చేతులతో వచ్చాడు అంటామే, ఆ వట్టి.

ఛందం పిచ్చోడు:
సార్, పొట్టి మొదటి పాదం మొదట్లో ఉంది, ఒట్టి రెండో పాదం చివర్లో ఉంది. ఆ పొందికకు ఛందస్సులో పేరే లేదు, ప్రాసయతి కాదు, అంత్యప్రాసా కాదు. జంట, ఒంటి రెండూ పాదాంతంలో ఉన్నాయి. సున్నాతో మొదలైన ప్రాస సున్నాతోనే నడవాలన్నది మీరు చెప్పిన పాఠమే.

నర్సంపేట ఇంగ్లీష్ మేడం:
పాప అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తాను, ఇరవై ఏళ్ళుగా ఇదే గోస నాకు. ఆ పాప తప్పు అనలేదు. మనం ఇంగ్లీష్ మాటను తెలుగు చెవితో వింటాం. సిక్, నెక్, డక్ అన్నప్పుడు మనకూ పొట్టి అచ్చే వినిపిస్తుంది, కాబట్టి జంట రాయమంటే పిల్లలు రాసేస్తారు. కానీ లాక్, షాక్, బ్యాక్, ట్రాక్ వచ్చేసరికి మనం దీర్ఘం తీస్తాం, ఇంగ్లీష్ వాళ్ళ లెక్కలో అవి పొట్టివే. అంటే ఐదు అచ్చుల్లో ఈ, ఐ, యు మన మాట వింటాయి, ఏ, ఓ రెండూ మోసం చేస్తాయి. బుక్, లుక్, హుక్‌ల దగ్గర సరిగ్గా తలకిందులు, మనకు పొట్టిగా వినిపిస్తుంది, రాసేది మాత్రం ఒక్క కె. అందుకే నేను పొట్టి, పొడుగు అనడం మానేశాను. చెవితో వద్దు, కంటితో చూడండి అంటాను. చిన్న మాటలో అచ్చు ఒకే అక్షరంగా ఉండి వెంటనే క చప్పుడుతో మాట అయిపోతే సి, కె. అచ్చు రెండక్షరాలైతే కె ఒక్కటే, బుక్, వీక్, స్పీక్ లాగా. చివర పలకని ఈ ఉంటే కూడా కె ఒక్కటే, కేక్, బైక్, జోక్ లాగా. మీ సార్ పాట గొప్పదే అక్కా, కాకపోతే అది లండన్ చెవికి కట్టిన పాట.

హుజూరాబాద్ తమ్ముడు:
మేడం, నాది వేరే థియరీ. అక్క వాళ్ళ సార్ లండన్ చెవి నుంచి కాదు, మన నోటి నుంచే తీశారు. మనవాళ్ళు కిక్‌ను కిక్కు అంటారు, ట్రక్‌ను ట్రక్కు, కేక్‌ను కేకు, బైక్‌ను బైకు. పొట్టి అచ్చు తర్వాత మనం కూడా క ను జంట చేస్తున్నాం, పొడుగు తర్వాత ఒంటిగా వదిలేస్తున్నాం! ఎవరూ నేర్పకుండా మా నాయనమ్మ కూడా అట్లనే అంటుంది. ఆయన ఆ సంగతి పట్టుకుని ఉంటారు. అందుకే జంట, ఒంటి అన్న మాటలు వచ్చాయి.

నర్సంపేట ఇంగ్లీష్ మేడం:
ఇది నాకు తట్టలేదు తమ్ముడూ. బుక్కు, లాకు మాత్రం ఇక్కడ కూడా ఎదురు తిరుగుతాయి, చెక్కు కూడా. కాగితం చెక్కుకు మనవాళ్ళు క్యూ, యు, ఈ రాస్తారు. అయినా కిక్కు, కేకు జత మాత్రం రేపే క్లాసులో వాడతాను.

పాలకుర్తి దారి:
అందరూ ఒట్టి, ఒంటి అని కొట్లాడుతున్నారు. పరకాల వైపు సార్ అయితే ‘ఉత్త కె’ అనే అనుంటారు. ఉత్త చేతులతో వచ్చిండు, ఉత్తగనే నవ్విండు అనేది మన పలుకు. ఉత్త కూడా మూడు మాత్రలే. పుస్తకం భాష చెవుల్లో పడి పడి అక్క దాన్ని తర్వాత ఒట్టి చేసుకుంది. బడి పలుకులు కాదు, పలుకుబడులు కావాలని కాళోజీ ఊరికే అన్నారా, మడికొండ పంతులుగారికి నేను చెప్పాల్సిన పని లేదు.

మడికొండ తెలుగు పంతులు:
కాళోజీ మా ఊళ్ళో పెరిగిన మనిషి, ఆయన మాట నా దగ్గర తేవాలంటే సందర్భం కుదరాలి. పలుకుబడి అంటే ఆ సార్ నోట ఏది వచ్చిందో అది. అక్కకు ట వినిపిస్తోంది, త కాదు. ఆమె చెవిని మనం దిద్దకూడదు. ఇక ఒంటి అంటారా, ఆ మాట బడిలో లేదని నేను అనను. ఒంటిపూట బడి అన్న మాటను మించి మా పంతుళ్ళకు ఇష్టమైన మాట ఏముంది. మార్చి నెల వస్తే చాలు, అదే ధ్యాస. ఒంటి అంటే ఒక్కటే అని పిల్లలందరికీ తెలుసు.

ఛందం పిచ్చోడు:
మరి ఒప్పుకున్నట్టే కదా సార్.

మడికొండ తెలుగు పంతులు:
ఒప్పుకోలేదు. ఒంటికి బలం ఎక్కడుందో చూపించాను, అంతే.

కడప అల్లుడు:
నేను వరంగల్ వాడినే, పిల్లనిచ్చింది కడప వాళ్ళు. ఒంటి అనగానే మా మామగారు ఒంటిమిట్ట గుర్తు చేశారు. ఒంటి మిట్ట అంటే ఏకశిల, పోతన చెప్పిన ఏకశిలానగరం మాదే అని ఆయన గట్టి నమ్మకం. ఈ మాట ఈ గుంపులో పెట్టమని ఆయనే అన్నారు.

పాలకుర్తి దారి:
మామగారికి నమస్కారం చెప్పండి అన్నా, కానీ ఈ ఒక్క విషయంలో ఊరుకోలేను. భాగవతం పీఠికలో ఏకశిలానగరం పేరుంది, నిజమే. ఓరుగల్లు కోటలో ఆ ఒంటి రాయి గుట్ట ఇప్పటికీ ఉంది, ఎవరైనా ఎక్కి చూడొచ్చు. ఓరుగల్లు పేరే ఒరు, కల్లు, ఒంటి రాయి. పోతన ఇంటిపేరు బమ్మెర. బమ్మెర ఊరు మా పాలకుర్తి మండలంలో ఉంది, పొలం ఉంది, ఆ పొలం దున్నుకుని బతికాడని చెప్పుకునే జనం ఉన్నారు. చిన్నప్పుడు మా తాత సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బమ్మెర దాకా గజేంద్రమోక్షం పద్యాలు చెప్పిస్తూ తీసుకెళ్ళేవాడు. ‘లావొక్కింతయు లేదు’ దగ్గర ఎత్తు వచ్చేది, తాత సైకిల్ దిగి నడిపించేవాడు, ఆయన ఆయాసంతోనే ‘మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్’ వినేవాణ్ణి. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి అంటే నాకు భక్తి ఉంది, పోతనను మాత్రం ఇవ్వను.

ఛందం పిచ్చోడు:
ఆ పద్యంలోనే అసలు విషయం ఉంది చూడండి. ‘నితఃపరం బెఱుఁగ’. అక్కడ ఉన్నది బండి ఱ. ఇప్పటి పుస్తకాల్లో ఎరుగ అని మామూలు ర వేస్తున్నారు. ఇప్పుడు మన నోట్లో రెండూ ఒకటే చప్పుడు, అక్షరాలు మాత్రం రెండు. ఇంగ్లీష్ క గొడవ మనకూ ఉన్నదే. పోతన ప్రాసల్లో ర, ఱ కలిపేశాడని పాత లాక్షణికులు తప్పు కూడా పట్టారు. నాకైతే అది తప్పు కాదు, ఆయన చెవికి అప్పటికే రెండూ ఒకటైపోయాయి అనడానికి సాక్ష్యం.

మడికొండ తెలుగు పంతులు:
అంత తొందరగా తేల్చకు నాయనా. భాగవతంలో కొంత భాగం శిథిలమైతే వేరేవాళ్ళు పూరించారు. ఏ పద్యం ఎవరిదో చూడకుండా ప్రాస చూసి పోతన చెవిని నిర్ణయించలేం. ఆ మాటకొస్తే లేఖకులు ఎన్ని ఱలు మింగారో.

కాజీపేట రైలు:
పోతనను కాసేపు పక్కన పెడితే క సంగతికి మన ఊళ్ళ పేర్లే చాలు. గోల్కొండ ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో కొండకు సి, హన్మకొండలో కొండకు కె. అదే కొండ! పాత ఇంగ్లీష్ వాళ్ళు కడపకు, కాకినాడకు సి తో మొదలుపెట్టారు, కృష్ణా జిల్లాకు మాత్రం కె వాడి కిస్ట్నా అన్నారు. ఎందుకంటే ఐ ముందు సి పెడితే అది స అవుతుంది. ఏ, ఓ, యు ముందు సి, ఈ, ఐ ముందు కె. వాళ్ళ పాత భాషలో క కు ఎక్కువగా సి నే రాసేవాళ్ళు, ఫ్రెంచ్ అలవాటుతో ఈ, ఐ ల ముందు సి మెత్తబడ్డాక కె అవసరం పెరిగింది. క్వీన్ మాట కూడా మొదట సి, డబ్ల్యూ తో ఉండేది, క్యూ, యు నార్మన్ లేఖకులు తెచ్చారు. కుతుబ్ షాహీల క్యూ మాత్రం వేరు, దాని వెనక యు రావడం ఉచ్చారణ కోసం, ఆ క్యూ అరబీలో గొంతులోపలి నుంచి పలికే ఖాఫ్ అనే అక్షరం కోసం. మా కాజీపేటలో కాజీ కూడా అదే ఖాఫ్, అయినా స్టేషన్ బోర్డు మీద కె రాశారు. నేను రోజూ ఆ బోర్డు చూస్తూ రైలెక్కుతాను, ఎప్పుడూ ఆ కె దగ్గరే కన్ను ఆగుతుంది.

నర్సంపేట ఇంగ్లీష్ మేడం:
మంచి మాట, అన్నా. స్కూల్‌లో హెచ్ కూడా అంతే, పాత ఇంగ్లీష్‌లో లేదు, లాటిన్ మాటను చూసి తర్వాత చేర్చారు. పిల్లలు ‘ఆ హెచ్ ఎందుకు టీచర్’ అంటే నేను ఈ కథ చెప్తాను, కథ విన్న పిల్ల మళ్ళీ ఆ మాట తప్పు రాయదు. మ్యూజిక్, పబ్లిక్ కథ ఇంకా బాగుంటుంది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో వాటి చివర సి, కె రెండూ ఉన్నాయి. తర్వాత కె రాలిపోయింది, అమెరికాలో వెబ్‌స్టర్ 1828 నిఘంటువు నాటికి లేదు. కానీ పిక్నిక్, పానిక్ లాంటి వాటికి ఐ, ఎన్, జి చేర్చండి, రాలిపోయిన కె తిరిగొస్తుంది. రాకపోతే సి కాస్తా స అయిపోతుంది కదా.

హన్మకొండ అమ్మ:
మేడం, మీరు రాలిపోయిన కె అనగానే ఏదో కదిలింది. ‘నడుమ హల్లు’ పాదం మిల్క్, డెస్క్, బ్యాంక్ గురించే అయ్యుండాలి కదా, అచ్చుకు, క కు నడుమ ఇంకో హల్లు వస్తే జంట అక్కర్లేదు. సార్ ఆ పాదం చెప్పేటప్పుడు చాక్‌పీస్ ఎత్తి చూపించేవారు. ఇప్పుడు అర్థమవుతోంది, చాక్‌లో పలకని ఎల్ ఉంది! ముప్పై ఏళ్ళు అది ఊరికే చేతిలో ఉన్న చాక్‌పీస్ అనుకున్నాను.

హుజూరాబాద్ తమ్ముడు:
అక్కా, అయితే ఆ పాదం ‘నడుమ హల్లు ఉంటె ఒంటి’ అయుంటుంది. మళ్ళీ పన్నెండు మాత్రలే.

మడికొండ తెలుగు పంతులు:
‘నడుమ హల్లు ఉంటె ఒట్టి’ అన్నా పన్నెండే.

పాలకుర్తి దారి:
‘ఉంటె ఉత్త’. ఉ కు ఉ. చదివి చూడండి.

హన్మకొండ అమ్మ:
మా చెల్లెలికి ఫోన్ చేశాను. దానికి మూడో పాదం అసలు గుర్తులేదు, రెండోదాంట్లో మాత్రం సున్నా ఉందని ఒట్టేసి చెప్తోంది. దాని క్లాస్‌మేట్ ఒకావిడ ఆత్మకూరులో టీచర్‌గా ఉందట, అడుగుతానంది. పాపకు కిక్కు, కేకు చెప్పాను, లాక్‌కు కంటితో చూడమన్నాను. ఈసారి జంట రాసింది. రాసి, కింద ‘బుక్’ రాసి రెండు ఓ ల చుట్టూ గుండ్రంగా గీసింది.

ఛందం పిచ్చోడు:
అక్కా, ఆవిణ్ణి అడిగేటప్పుడు ఇది కూడా అడగండి. చివర్న మీ సార్ కె అనేవారా, కే అనేవారా? పొట్టిగా అంటే ఒక మాత్ర, దీర్ఘం తీస్తే రెండు. అది తెలిస్తే దరువు ఎక్కడ ఆగేదో తెలుస్తుంది.

హన్మకొండ అమ్మ:
దీర్ఘమే అనుకుంటున్నాను తమ్ముడూ. ఆగు, గట్టిగా అని చూస్తాను.