‘పాయ’ అన్న మాట ఒక ప్రోగ్రామింగ్ భాషకు పేరవుతుందా?

అడిగినవారు: విజయవాడ, పటమట

పెద్దలందరికీ నమస్కారం. మేం కొందరం కలిసి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే ఒక చిన్న భాష మీద పనిచేస్తున్నాం. ‘అయితే’, ‘లేకపోతే’, ‘చూపించు’ లాంటి తెలుగు మాటలే అందులో కీవర్డులు. ఈ భాషను మొదలుపెట్టింది మేం కాదు. మొదలుపెట్టినవారు కొన్నాళ్లుగా పట్టించుకోవడం లేదు, మేం పంపిన మార్పులు అలాగే పడి ఉన్నాయి. ఓపెన్ సోర్స్ లైసెన్స్ కాబట్టి కోడ్ తీసుకుని మేమే ముందుకు నడుపుకోవచ్చు. పేరు మాత్రం వాళ్లదే. ఇలా విడిపోయి నడిచేదాన్ని ఫోర్క్ అంటారని ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది.

మాలో ఒకరు ‘పాయ’ అని పెడదామన్నారు. ఇంకొకరు ‘చీలిక’ అన్నారు. నాకైతే పాత పేరుకే ముందు ‘నవ’ చేరిస్తే చాలనిపిస్తోంది, వాడేవాళ్లు వెంటనే గుర్తుపడతారు. మాటల సంగతి తెలిసినవారు చెప్పండి: పాయ అంటే సరిగ్గా ఏమిటి? పేరుగా నిలుస్తుందా?

జవాబు: గుంటూరు, బ్రాడీపేట

బాబూ, పేరు పెట్టేముందు మాట గురించి అడగాలని తోచినందుకే నాకు చాలా సంతోషంగా ఉంది.

పాయ వెనక ‘పాయు’ అనే పాత క్రియ ఉంది. విడిపోవడం, వేరవడం అని అర్థం. ఎడబాయడంలో ఉన్నదీ అదే, అక్కడ ప కాస్తా బ అయింది. జుట్టును మూడు పాయలు తీసి జడ అల్లుతాం. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై, దివిసీమను మధ్యలో పెట్టుకుని సముద్రానికి పోతుంది. ఆ రెండింట్లో అసలు కృష్ణ ఏదని దివిసీమలో ఎవరూ తగువుపడరు. ఫోర్క్‌కు ఈ మాట కుదరడానికి నాకు కనిపించే కారణం అదే. విడిపోయిన సంగతి చెబుతుంది, ఎవరిది తప్పో చెప్పదు. ‘చీలిక’ అలా కాదు. ఆ మాట వినగానే పార్టీ చీలిక, చీలిక వర్గం గుర్తొస్తాయి. పిల్లలు వాడే భాష నెత్తిన ఆ బరువు ఎందుకు?

ఇంకో సంగతి. మీ సాఫ్ట్‌వేర్‌వాళ్లు అసలు ప్రాజెక్టును అప్‌స్ట్రీమ్ అంటారు, దాని మీద ఆధారపడ్డవాటిని డౌన్‌స్ట్రీమ్ అంటారు. డెల్టాలో పుట్టినవాళ్లకు ఎగువ, దిగువ అని విడమరచి చెప్పక్కర్లేదు. ప్రకాశం బరాజ్ దగ్గర తలుపులు ఎత్తితేనే బందరు కాలువకూ ఏలూరు కాలువకూ నీళ్లు. ఎగువ నుంచి మార్పులు వచ్చినంతకాలమే బతికే ప్రాజెక్టు కాలువ. తన దారి తాను చూసుకునేది పాయ. కోడ్ మార్పుల లెక్క దాచే గిట్‌లో, ప్రాజెక్టు లోపలే పక్కగా నడిపే బ్రాంచ్‌ను కొమ్మ అనండి, శాఖ అనండి, ఫోర్క్‌ను మాత్రం పాయ అనండి. ఈ మాటలు మన సాంకేతిక రాతల్లోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

అయితే మీ భాషకు పాయ అని పేరు పెట్టవద్దు. ప్రతి ఫోర్కూ పాయే. అది జాతి పేరు, మీ బిడ్డ పేరు కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే దాన్ని పాయా అని చదువుతారు, మేక కాళ్ల పులుసు గుర్తొస్తుంది. వెతికితే ఉల్లిపాయలొస్తాయి. ‘గో’ భాష పేరు మరీ చిన్నదై వెతకడానికి కుదరక, జనం గోల్యాంగ్ అని టైప్ చేసుకుంటున్నారు కదా.

‘నవ’ సంగతి కూడా చెబుతాను. పాత పేరు ముందు ఏది తగిలించినా పాత పేరు అక్కడే ఉంటుంది. కోడ్ లైసెన్స్ పేరు మీద హక్కు ఇవ్వదు. అపాచీ 2.0 లైసెన్స్‌లో ట్రేడ్‌మార్క్ హక్కు ఇవ్వడం లేదని విడిగా ఒక క్లాజే ఉంది. హక్కుల మాట పక్కన పెట్టినా, ‘నవ’ అంటే తర్వాతి వెర్షన్ అనుకుంటారు. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పెర్ల్ 6కు జరిగిందదే. 2000లో పెర్ల్‌కు తర్వాతి మెట్టుగా ప్రకటించారు, అది పూర్తయ్యేసరికి వేరే భాషే అయింది. ఆ 6 అంకె వల్ల పెర్ల్ 5 పాతబడిపోయిందని కొందరు, 6 ఇంకా రాలేదని కొందరు అనుకున్నారు. చివరికి 2019లో పేరు మార్చి రాకు అన్నారు. పెర్ల్ గుర్తు ఒంటె, జపనీస్‌లో ఒంటెను రకుద అంటారు. ఆ బంధుత్వం తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లకు కూడా రాకు ఒక పేరుగా వినిపిస్తుంది.

రస్ట్ అనే ఇంకో భాష విషయంలో దీనికి ఎదురు జరిగింది. 2023 ఏప్రిల్‌లో రస్ట్ ఫౌండేషన్ తన పేరు, లోగో వాడకం మీద నిబంధనల ముసాయిదా పెట్టింది. కట్టడి మరీ ఎక్కువైందని వాడేవాళ్లు అభ్యంతరపెట్టారు. ఆ నిరసనలోంచి వచ్చిన ఫోర్క్‌కు క్రాబ్‌ల్యాంగ్ అని పేరు పెట్టారు. రస్ట్‌వాళ్ల బొమ్మ ఫెర్రిస్ అనే పీత కాబట్టి క్రాబ్. (గుంటూరు పల్లెల్లో ఎండ్రకాయ అంటారు, అది వేరే చర్చ.) ఆ బొమ్మ తెలియనివాళ్లకు భాషకు పీత పేరెందుకో అర్థం కాదు. తగువు గుర్తున్నంతకాలమే ఆ పేరుకు ప్రాణం ఉంటుందని నా అభిప్రాయం. మీ పేరు, పాత భాషను ఎన్నడూ వినని పిల్లాడికి కూడా పేరుగా వినిపించాలి.

తెనాలి

మాస్టారూ, పాయ కంటే పిలక సరైనది కాదా? గెల కోశాక తల్లి అరటి పోతుంది, పిలక పెరిగి చెట్టవుతుంది. ఈ పిల్లలు చెప్పిందీ అదే కదా, మొదలుపెట్టినవారు వదిలేశారని. పైగా పిలక ఇంటింటా తెలిసిన మాట.

గుంటూరు, బ్రాడీపేట

అమ్మా, మాట చాలా బాగుంది. పూర్తిగా వదిలేసిన ప్రాజెక్టుల నుంచి వచ్చేవాటికి పిలక అనే వాడుదాం. కానీ వీళ్ల విషయంలో తల్లి పోయిందని మనమే తేల్చేసినట్టవుతుంది. పట్టించుకోకపోవడానికి ఒంట్లో బాగోలేకపోవడం, ఉద్యోగం, ఏదైనా కారణం కావచ్చు. 2014 చివర్లో నోడ్ జేఎస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచి ఐఓ జేఎస్ అనే ఫోర్క్ విడిపోయింది. 2015లోనే మళ్లీ రెండూ ఒకటయ్యాయి. రేపు అలా కలవాల్సివస్తే పేరు అడ్డం రాకూడదు.

విజయవాడ, మొగల్రాజపురం

నేను జావా మీద పనిచేస్తాను. అడిగిన తమ్ముడికి ఒక్కటే చెబుతాను: పేరు కోడ్ లోపలికి వెళ్లకముందే తేల్చుకోండి. పెద్ద సంస్థల ప్రోగ్రాములకు వాడే జావా ఈఈని ఒరాకిల్ కంపెనీ ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే సంస్థకు ఇచ్చింది, జావా అన్న పేరు మాత్రం తనే ఉంచుకుంది. 2018లో కొత్త పేరు జకార్తా ఈఈ అయింది. జకార్తా జావా ద్వీపంలోని ఊరు, పేరు బాగానే కుదిరింది. కానీ లోపల కోడ్‌ను కట్టలుగా పెట్టే ప్యాకేజీల పేర్లలో జావాఎక్స్ అలాగే మిగిలింది. 2020లో జకార్తా ఈఈ 9తో వాటన్నిటినీ మార్చారు. ఆ కొత్త వెర్షన్‌కు మారే ప్రోగ్రాములన్నీ తెరిచి, ప్యాకేజీలను పేరుపెట్టి పిలిచే ఇంపోర్ట్ లైన్లు మార్చుకోవాల్సివచ్చింది. మన ఊరే చూడండి, బెజవాడ విజయవాడై ఎంతకాలమైందో, రైల్వే కోడ్ ఇప్పటికీ బీజెడ్‌ఏ. ఒకసారి కోడ్‌లోకి ఎక్కిన పేరు దిగదు.

అడిగినవారు: విజయవాడ, పటమట

అన్నా, ఇది మేం అసలు ఆలోచించలేదు. ఫైల్ ఎక్స్‌టెన్షన్ పాత పేరుతోనే ఉంది. మాస్టారూ, ‘నవ’ వదిలేశాం. పాయ మామూలు మాటగా ఉంచుకుంటాం, మా డాక్యుమెంట్లలో ఫోర్క్ బదులు అదే రాస్తాం. మరి పేరుకు మీరేం సూచిస్తారు? ‘గుణింతం’, ‘స్వేచ్ఛ’, ‘పలక’ అన్నవి ఇప్పటికి వచ్చాయి.

గుంటూరు, బ్రాడీపేట

స్వేచ్ఛ వద్దు. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపేవారి సంస్థ పేరు అది. వాళ్ల కష్టం మీద మన బోర్డు పెట్టకూడదు.

గుణింతం నాకు ప్రాణం. అచ్చుల గుర్తులు చేరి ఒక్కో హల్లూ ఎన్ని రూపాలు పొందుతుందో చూపే పాఠం అది, కొద్ది నియమాలతో ఎంతో పుట్టించే ప్రోగ్రామింగ్‌కు ఇంతకన్నా దగ్గరి మాట దొరకదు. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లగానే చిక్కు. త ను ఒకరు టీతో రాస్తారు, ఇంకొకరు టీహెచ్‌తో. ణ, న తేడా పోతుంది. చివర సున్న ఉంచాలా తీసేయాలా అన్నది ఇంకొకటి. కమాండ్ టైప్ చేసే పిల్లాడు స్పెల్లింగ్ దగ్గరే ఆగిపోతాడు. పాఠాల పుస్తకానికో, ఉదాహరణల సంచికకో ఆ పేరు దాచుకోండి.

పలక పెట్టండి. ప, ల, క: ఎవరు రాసినా స్పెల్లింగ్ ఒకటే. పిల్లల మొదటి రాత పలక మీదే, తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. పిలిస్తే పలకడం అనే అర్థం కూడా ఆ మాటలో వినిపిస్తుంది, మనం ఇచ్చిన కమాండ్‌కు కంప్యూటర్ పలుకుతుంది. పాత భాషతో తగువు ఊసు ఎక్కడా లేదు. వెతకడంలో కొంత ఇబ్బంది దీనికీ ఉంది, మామూలు పలకలు చాలా వస్తాయి. అందుకే మొదటి రోజు నుంచే అన్నిచోట్లా ‘పలక భాష’ అని రెండు మాటలూ కలిపి రాయండి. అదే పేరుతో వేరే సాఫ్ట్‌వేర్ ఉందేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో, ప్యాకేజీల జాబితాల్లో చూసుకుని గానీ ప్రకటించవద్దు. ఆ పేరు ఎవరి చేతిలో ఉంటుందో కూడా ఇప్పుడే రాసుకోండి. ఏ ఒక్కరి సొంత ఖాతాలోనూ డొమైన్ పెట్టకండి. మీకు ఇప్పుడొచ్చిన ఇబ్బంది మీ తర్వాతివాళ్లకు రాకూడదు.

అడిగినవారు: విజయవాడ, పటమట

సరే మాస్టారూ. ఈ ఆదివారం అందరం కూర్చుంటాం. పలక, గుణింతం రెండూ ఓటుకు పెడతాం, మీ కారణాలు కూడా చదివి వినిపిస్తాం. రిజిస్ట్రీ వెతికే పని నేను తీసుకున్నాను. పాత భాష మొదలుపెట్టినవారికి కూడా పేరు ప్రకటించేముందే ఒక ఉత్తరం రాస్తాం.