బ్యాకింగ్ ట్రాక్‌ను డీఏడబ్ల్యూలోకి ఆడియోగా తేవాలా, మిడీగా తేవాలా?

ఆరోతీగ:
బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ అనే బ్యాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో కార్డ్స్ (కలిపి మోగే స్వరాల గుంపులు) టైప్ చేసి, స్టైల్ ఎంచుకుని, పాట వెనక మోగేందుకు తయారైన వాద్యాలను రీపర్ అనే డీఏడబ్ల్యూలోకి (రికార్డింగ్, మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్‌లోకి) తెచ్చుకుంటాను. ఒక్కో వాద్యానికి ఒక్కో వేవ్ ఫైలు. వాటి మీద నా గిటారు, పాట రికార్డు చేస్తాను. ఆడియో తెచ్చుకుంటే తర్వాత ఏమీ మార్చలేమని, అన్నీ మిడీలోనే, అంటే శబ్దంగా కాక ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సమాచారంగానే తేవాలని ఒక మిత్రుడి వాదన. నేను ఒప్పుకోను. అందులోని రియల్‌ట్రాక్స్‌లో వినిపించేది స్టూడియో కళాకారులు నిజంగా వాయించిన వాద్యం. దాన్ని వదిలేసి మిడీ తెచ్చుకోవడానికా ఆ సాఫ్ట్‌వేర్ కొన్నది?

మీటమనిషి:
నేను మీ మిత్రుడి పక్షం. రెండో చరణంలో ఒక మైనర్ కార్డ్‌ను మేజర్ చేయాలనిపించింది అనుకోండి. మిడీలో ఒక్క స్వరాన్ని అర మెట్టు పెంచితే సరి. మీరైతే వెనక్కి వెళ్లి, కార్డ్ మార్చి, మళ్లీ వాయింపజేసి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. గాయనికి శ్రుతి అందకపోతే? మిడీని రెండు మెట్లు దించడం క్షణంలో పని. ఆడియోను అలా దించి చూడండి, శాక్సోఫోన్‌కు జలుబు చేసినట్టు ఉంటుంది.

ఆరోతీగ:
శ్రుతి సంగతి ఒప్పుకుంటాను. కానీ గిటారు స్ట్రమ్మింగ్‌ను మిడీలో ఎప్పుడైనా విన్నారా? చేయి కిందికి వచ్చేటప్పుడు తీగలు ఒకదాని వెంట ఒకటి, మిల్లీసెకన్ల తేడాతో మోగుతాయి. పైకి వెళ్లేటప్పుడు ఆ క్రమం తిరగబడుతుంది, చాలాసార్లు సన్నతీగలే తగులుతాయి. మధ్యలో అరచేత్తో నొక్కేసిన మోత, వేళ్లు జారిన చప్పుడు వేరే. ఇవన్నీ పోగా మిగిలేది గిటారు గొంతు పెట్టుకున్న పియానో!

దరువు:
డ్రమ్స్ దగ్గర ఇద్దరికీ చెరో మొట్టికాయ. 1991లో వచ్చిన జనరల్ మిడీ అనే ప్రమాణం ప్రకారం డ్రమ్స్ 10వ చానల్‌లో ఉంటాయి. స్వరాల సంఖ్యల్లో 36 బాస్ డ్రమ్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. మీ డీఏడబ్ల్యూలోని డ్రమ్ శాంప్లర్ (రికార్డు చేసిన డ్రమ్ శబ్దాలను మోగించే సాధనం) ఇదే వరుస పాటిస్తుందన్న హామీ లేదు. పాటించకపోతే హైహ్యాట్ మోగాల్సిన చోట టామ్ మోగుతుంది. ముందు ఆ మ్యాప్ సరిచేసుకుని తర్వాత మిడీ గొప్పలు చెప్పండి. ఆడియో వారేమో 120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) వాయించిన డ్రమ్స్‌ను 90కి సాగదీసి, సింబల్ శబ్దం చెదిరిపోయిందని వాపోతారు. మీ టెంపోకు దగ్గరగా రికార్డయిన స్టైల్ ఎంచుకుంటే ఆ బాధే ఉండదు.

మిక్సింగ్ మేస్త్రి:
ఆడియోనా మిడీనా అన్నది తర్వాత. పాట కట్టుబడి ఎక్కడ ఖాయమవుతోంది? నా మట్టుకు అది బ్యాకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే తేలిపోవాలి. పల్లవి ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు), చరణాల మధ్య వాద్యం ఎంతసేపు, శ్రుతి ఏది, టెంపో ఎంత, అన్నీ అక్కడే. గాయని చేత అక్కడే ఒకసారి పాడించండి. ఎక్స్‌పోర్ట్ ఆ తర్వాతే. సగం అక్కడ, సగం ఇక్కడ మారుస్తూ పోతే ఏ ఫైలు తాజాదో చివరికి మనకే తెలియదు.

అయినా ఒక కార్డ్ మార్చక తప్పలేదనుకుందాం. మళ్లీ వాయింపజేస్తే ఆ బార్ ఒక్కటే మారి ఊరుకోదు, నిన్న మనసుపడ్డ బాస్ మెలిక ఇవాళ మాయమైపోవచ్చు. అందుకే పాత ట్రాకులను ఉంచండి. కొత్త ఎక్స్‌పోర్ట్ నుంచి ఆ ఒక్క బార్ కోసి పాతదానిలో అతికించి, అతుకు దగ్గర ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా చిన్న క్రాస్‌ఫేడ్ ఇవ్వండి. మార్పుతో పనిలేని డ్రమ్స్‌ను మళ్లీ వాయింపజేసినా మారకుండా ముందే ఫ్రీజ్ చేసేయండి.

ఇంకొకటి. పాటకు ముందు వచ్చే రెండు బార్ల కౌంట్ కూడా ఫైలులో ఉంటుంది. 120 టెంపోలో, నాలుగు బీట్ల తాళంలో అది 4 సెకన్లు. చాలామంది దాన్ని కంటి అంచనాతో కత్తిరించి, ట్రాకులు కలవడం లేదని తల పట్టుకుంటారు. అలాగే వదిలేయండి. ప్రాజెక్టు టెంపో సరిపెట్టి, అన్ని ఫైళ్లనూ సున్నా దగ్గర ఉంచితే పాట మూడో బార్‌లో మొదలవుతుంది. ఎంపీ3 మాత్రం వద్దు, ఎన్‌కోడింగ్‌లో ఫైలు మొదట కాస్త నిశ్శబ్దం చేరుతుంది. రివర్బ్ (గది ప్రతిధ్వని) కూడా తీసేసి తెచ్చుకోండి.

మీటమనిషి:
ఇంత తతంగం ఎందుకు? బ్యాండ్ ఇన్ ఎ బాక్స్‌కు ప్లగిన్ రూపం ఉందిగా, డీఏడబ్ల్యూ లోపలే పని అయిపోతుంది.

మిక్సింగ్ మేస్త్రి:
కార్డ్స్ వెతుక్కునేటప్పుడు ప్లగిన్ హాయిగానే ఉంటుంది. కానీ కొన్నేళ్ల తర్వాత ప్రాజెక్టును వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అక్కడ ఆ ప్లగిన్ లేకపోతే ట్రాకులు మూగబోతాయి. వేవ్ ఫైలుకు ఆ భయం లేదు. ఐరియల్ ప్రో అనే బ్యాకింగ్ యాప్ వాడేవారికి మాత్రం మిడీ గురించి మీ మాటే నిజం. దాని వాద్యాలు ఎలాగూ శాంపిల్ శబ్దాలే కాబట్టి మిడీ తెచ్చుకుని మంచి శబ్దాలు తగిలించుకోవడమే లాభం.

ఆరోతీగ:
సరే, బాస్ ఒక్కటి మిడీలో తెచ్చి చూస్తాను. స్ట్రమ్మింగ్ జోలికి మాత్రం ఎవరూ రావద్దు.

దరువు:
ఆ బాస్‌ను గ్రిడ్‌కు క్వాంటైజ్ చేసేరు (స్వరాలను బీట్ గీతల మీదికి కచ్చితంగా జరిపేరు) సుమా! ఆడియో డ్రమ్స్‌లో కిక్ గ్రిడ్ మీద కచ్చితంగా పడదు. బాస్ ఒక్కటే గీత మీద కూర్చుంటే రెండింటి మధ్య సందు వినిపిస్తుంది.