డేటాఫ్లోలో తెలుగు ఓసీఆర్ పైప్‌లైన్: సొంత కంటైనర్ ఇమేజ్ పెట్టాక వర్కర్లు లేవట్లేదు

గోదారి_డేటా అడిగిన ప్రశ్న:

స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు క్లౌడ్ స్టోరేజ్ బకెట్‌లో ఉన్నాయి. వాటిని పేజీలుగా విడగొట్టి, టెసరాక్ట్‌తో (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ ప్రోగ్రామ్) టెక్స్ట్ తీసి, బిగ్‌క్వెరీ డేటాబేస్‌లో వేయాలి. పైప్‌లైన్ అపాచీ బీమ్ పైథాన్‌లో రాసింది. నడవాల్సింది గూగుల్ డేటాఫ్లో (పనిని వర్కర్లనే పలు మెషీన్లకు పంచి నడిపే సేవ) మీద, ముంబై రీజియన్‌లో.

ఇంతవరకూ సెటప్ ఫైల్‌లో ఆప్ట్ (apt, లినక్స్ ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్) కమాండ్లు పెట్టి వర్కర్ లేచినప్పుడల్లా టెసరాక్ట్ ఇన్‌స్టాల్ చేయిస్తున్నాం. ఆటోస్కేలింగ్‌లో కొత్త వర్కర్ వచ్చిన ప్రతిసారీ ఆ తతంగమంతా మళ్లీ మొదలు. అందుకే కావాల్సినవన్నీ ముందే కట్టిపెట్టుకునేలా డాకర్‌తో సొంత కంటైనర్ ఇమేజ్ కట్టాం. బేస్ పైథాన్ 3.11 స్లిమ్. అందులో పిప్‌తో అపాచీ బీమ్, పైటెసరాక్ట్, పీడీఎఫ్2ఇమేజ్, ఓపెన్‌సీవీ. బిల్డ్ చేసింది యాపిల్ ఎం సిరీస్ మ్యాక్ మీద. ట్యాగ్ లేటెస్ట్.

డైరెక్ట్ రన్నర్‌తో బాగానే నడుస్తోంది, డాకర్ రన్ చేసినా లోపలికి వెళ్లగలుగుతున్నాం. డేటాఫ్లోలో మాత్రం జాబ్ రన్నింగ్ అని చూపిస్తూ గంటసేపు కదలదు. ఆ తర్వాత వర్కర్ల నుంచి గంటగా ఏ చలనమూ లేదని చెప్పి ఫెయిల్ అవుతుంది. క్యూబ్‌లెట్ (వర్కర్ మీద కంటైనర్లను నడిపే ప్రోగ్రామ్) లాగ్‌లో ఎర్రర్ సింకింగ్ పాడ్ అని మాత్రమే కనబడుతోంది. ఇమేజ్‌లో ఏం లోపించింది? బేస్ మార్చాలా?

వర్కర్_లాగ్స్ సమాధానం:

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తప్పులు ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉన్నాయి. మొదటిది సరిచేస్తే రెండోది బయటపడుతుంది. అన్నీ ఒకేసారి సరిచేసుకోండి, లేకపోతే ఒక్కోదానికీ గంట చొప్పున పోతుంది.

ముందుగా ఒక మాట. డైరెక్ట్ రన్నర్‌తో నడవడం మీ ఇమేజ్‌కి పరీక్షే కాదు. డైరెక్ట్ రన్నర్ కంటైనర్‌ను ముట్టుకోదు, మీ ల్యాప్‌టాప్‌లోని పైథాన్‌తోనే నడుస్తుంది. ఇమేజ్‌ను నిజంగా పరీక్షించాలంటే రన్నర్‌గా పోర్టబుల్ రన్నర్, జాబ్ ఎండ్‌పాయింట్‌గా ఎంబెడ్, ఎన్విరాన్‌మెంట్ టైప్‌గా డాకర్, ఎన్విరాన్‌మెంట్ కాన్ఫిగ్‌గా మీ ఇమేజ్ పేరు ఇచ్చి, రెండు పేజీల పీడీఎఫ్ మీద నడపండి. అప్పుడే ఇమేజ్ లోపలి బీమ్, లోపలి లైబ్రరీలు వాడకంలోకి వస్తాయి.

ఇక తప్పులు. ఎం సిరీస్ మ్యాక్‌లో మామూలుగా బిల్డ్ చేస్తే ఏఆర్ఎం64 రకం ప్రాసెసర్‌కి సరిపోయే ఇమేజ్ వస్తుంది. మామూలు డేటాఫ్లో వర్కర్లు వేరే రకమైన ఏఎండీ64 మెషీన్లు. అక్కడ కంటైనర్ లేచీ లేవగానే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్‌తో పడిపోతుంది. మీ మ్యాక్‌లో డాకర్ రన్ పనిచేయడానికి కారణం కూడా ఇదే, మ్యాక్, ఇమేజ్ రెండూ ఏఆర్ఎం కాబట్టి. డాకర్ ఇమేజ్ ఇన్‌స్పెక్ట్ కొట్టి ఆర్కిటెక్చర్ అన్న వరస చూడండి. బిల్డ్ఎక్స్‌తో ప్లాట్‌ఫామ్ ఆప్షన్‌కి లినక్స్/ఏఎండీ64 ఇస్తే సరిపోతుంది. కాకపోతే మ్యాక్ మీద అది ఎమ్యులేషన్‌లో నడిచి చాలా నెమ్మదిస్తుంది. క్లౌడ్ బిల్డ్‌కి పంపేయడం హాయి.

రెండోది, పైథాన్ స్లిమ్ ఇమేజ్‌లో బీమ్ బూట్ ప్రోగ్రామ్ ఉండదు. పిప్‌తో బీమ్ వేసినంత మాత్రాన అది రాదు. డేటాఫ్లో వర్కర్ మీద కంటైనర్‌ను లేపేది /opt/apache/beam ఫోల్డర్‌లో ఉండే బూట్ అన్న బైనరీ. అది లేకపోతే కంటైనర్ నిలబడలేక మూసుకుంటుంది. క్యూబ్‌లెట్ మళ్లీ లేపుతుంది, మళ్లీ మూసుకుంటుంది. మీరు చూసిన ఆ పొడి ఎర్రర్ వెనక నడిచేది ఇదే. అధికారిక బీమ్ ఇమేజ్‌నే బేస్‌గా తీసుకుంటే బూట్, ఎంట్రీపాయింట్ రెండూ వచ్చేస్తాయి. స్లిమ్ మీదే ఉండాలనుకుంటే మల్టీస్టేజ్ పద్ధతిలో బీమ్ ఇమేజ్ నుంచి ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి, ఎంట్రీపాయింట్‌ను ఆ బూట్‌కి పెట్టాలి.

మూడోది ఓపెన్‌సీవీ. ఇంపోర్ట్ చేయగానే లిబ్‌జీఎల్ డాట్ ఎస్ఓ డాట్ 1 దొరకలేదని ఆగిపోతుంది. స్క్రీన్ లేని వర్కర్ మీద విండోలు తెరిచే భాగం మనకెందుకు? ఓపెన్‌సీవీ పైథాన్ హెడ్‌లెస్ ప్యాకేజీ వేసుకోండి. రెండూ కలిపి మాత్రం వేయకండి, ఒకే ఫోల్డర్‌లోకి వచ్చి ఒకదాన్నొకటి తొక్కేస్తాయి.

కర్నూలు_క్లౌడ్ సమాధానం:

పై సమాధానానికి కొనసాగింపుగా, డాకర్‌ఫైల్ ఏ వరుసలో ఉండాలో చెబుతాను. బేస్‌గా అపాచీ బీమ్ పైథాన్ 3.11 ఎస్‌డీకే ఇమేజ్. దాని ట్యాగ్ బీమ్ వెర్షనే, ఉదాహరణకు 2.60.0. జాబ్ లాంచ్ చేసే మెషీన్‌లో కూడా పైథాన్ 3.11, బీమ్ 2.60.0 అచ్చం అవే ఉండాలి. మీరు రాసిన ఫంక్షన్లు పికిల్ అయి (బైట్లుగా మారి) వర్కర్‌కి వెళ్తాయి, కాబట్టి లాంచర్‌లో 3.12 ఉండి కంటైనర్‌లో 3.11 ఉంటే అక్కడ విప్పలేక చస్తుంది. ఈ గొడవే లేకుండా జాబ్‌ను అదే ఇమేజ్ లోంచి లాంచ్ చేసేవాళ్లూ ఉన్నారు. మంచి అలవాటు.

తర్వాతి మెట్టు సిస్టమ్ ప్యాకేజీలు: టెసరాక్ట్ ఓసీఆర్, టెసరాక్ట్ ఓసీఆర్ టెల్, పాప్లర్ యుటిల్స్ (పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా తీసే ప్రోగ్రామ్‌లు). ఇంగ్లిష్ మోడల్ అసలు ప్యాకేజీతోనే వస్తుంది. తెలుగు రాదు, టెల్ అని విడిగా అడగాలి. ఆప్ట్ గెట్ అప్‌డేట్, ఇన్‌స్టాల్, ఆ వెంటనే ఆప్ట్ లిస్టుల ఫోల్డర్ తుడిచేయడం, ఈ మూడూ ఒకే రన్ వరసలో ఉండాలి. తుడిచే పని తర్వాతి రన్‌లో పెడితే ఇమేజ్ ఒక్క ఎంబీ కూడా తగ్గదు, పాత లేయర్‌లో ఆ ఫైళ్లు అలాగే పడి ఉంటాయి. అప్‌డేట్ విడిగా పెడితే ఇంకో చిక్కు: ఆ లేయర్ క్యాష్‌లో ఉండిపోయి, నెలల తర్వాత కొత్త ప్యాకేజీ చేర్చినప్పుడు పాత లిస్టు చూసి 404 ఇస్తుంది.

ఆ తర్వాత రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఒక్కదాన్నే కాపీ చేసి పిప్ ఇన్‌స్టాల్, నో క్యాష్ డిర్ ఆప్షన్‌తో. మీ కోడ్ కాపీ అన్నిటికన్నా చివర. కోడ్‌లో ఒక్క అక్షరం మారినా పిప్ మొత్తం మళ్లీ నడవకుండా ఉండేది ఈ వరుస వల్లే. వెర్షన్లన్నీ రెండు ఈక్వల్స్‌తో బిగించండి, బీమ్‌తో సహా. లేకపోతే ఏదో ఒక ప్యాకేజీ చెప్పకుండా బీమ్‌ను పైకో కిందకో లాగేస్తుంది.

పైటార్చ్ (మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) అవసరమయ్యే లైబ్రరీ ఏదైనా వాడుతుంటే జాగ్రత్త. లినక్స్‌లో మామూలుగా పిప్ చేస్తే జీపీయూ కోసం ఉండే కుడా (CUDA) లైబ్రరీలు కూడా వచ్చి ఇమేజ్ కొన్ని జీబీలు పెరుగుతుంది. జీపీయూ లేని వర్కర్లకు పైటార్చ్ వాళ్ల సీపీయూ ఇండెక్స్ నుంచే తెచ్చుకోవాలి. ఇమేజ్ అంత పెద్దదైతే డిస్క్ సైజ్ ఆప్షన్‌తో వర్కర్ డిస్క్ 50 జీబీకి పెంచండి, లేకపోతే ఇమేజ్ విప్పేటప్పుడే చోటు చాలదు.

నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది దీని మీద: బిల్డ్ చివర తనిఖీ వరసలు పెట్టండి. ఒక రన్‌లో పిప్ చెక్. ఇంకో రన్‌లో టెసరాక్ట్ లిస్ట్ లాంగ్స్ ఫలితాన్ని గ్రెప్‌కి పంపి టెల్ ఉందో లేదో చూడటం. మూడో రన్‌లో పైథాన్‌తో సీవీ2, పైటెసరాక్ట్, పీడీఎఫ్2ఇమేజ్, అపాచీ బీమ్ అన్నీ ఇంపోర్ట్ చేయడం. ఏ ఒక్కటి లేకపోయినా బిల్డ్ అక్కడే ఆగుతుంది. డేటాఫ్లోలో గంట తర్వాత తెలిసే లోపం రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

టెస్‌డేటా ప్రిఫిక్స్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎక్కడైనా చేత్తో పెట్టి ఉంటే తీసేయండి. డెబియన్ 11లో మోడళ్లు టెసరాక్ట్ ఫోల్డర్ కింద 4.00 లో ఉండేవి, డెబియన్ 12లో అవి 5 అన్న ఫోల్డర్‌లోకి మారాయి. పాత దారి రాసి ఉంటే బేస్ మారిన రోజున ఫెయిల్డ్ లోడింగ్ లాంగ్వేజ్ టెల్ అంటుంది, ప్యాకేజీ చూస్తే ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది.

డాకర్ ఇగ్నోర్ ఫైల్ పెట్టారా? నమూనా పీడీఎఫ్‌లు, సర్వీస్ అకౌంట్ కీ ఫైల్ ఆ ఫోల్డర్‌లోనే ఉండి కాపీ డాట్ డాట్ అని రాస్తే అన్నీ ఇమేజ్‌లోకి వెళ్లిపోతాయి. కీ ఫైల్ తర్వాతి లేయర్‌లో తుడిచినా పాత లేయర్ లోంచి ఎవరైనా తీసుకోవచ్చు. అలా జరిగి ఉంటే ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి.

వర్కర్_లాగ్స్ సమాధానం:

రిజిస్ట్రీ వైపు కూడా చూసుకోండి. పాత కంటైనర్ రిజిస్ట్రీ 2025 మార్చి 18న మూతపడింది, ఇప్పుడు ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీయే. రిపాజిటరీని వర్కర్లున్న ముంబై రీజియన్‌లోనే పెట్టండి. ఇమేజ్ లాగేది మీ లాగిన్ కాదు, వర్కర్ సర్వీస్ అకౌంట్. దానికి ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీ రీడర్ పాత్ర ఉండాలి. వర్కర్లకు బయటి ఐపీ తీసేసి ఉంటే ఆ సబ్‌నెట్‌లో ప్రైవేట్ గూగుల్ యాక్సెస్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే ఇమేజ్ దగ్గరికే చేరలేరు.

జాబ్ ఆప్షన్లలో ఎస్‌డీకే కంటైనర్ ఇమేజ్‌తో పాటు ఎస్‌డీకే లొకేషన్‌కి కంటైనర్ అని ఇవ్వండి. అప్పుడు ఇమేజ్‌లో ఉన్న బీమ్‌నే వాడుకుంటుంది. పాత సెటప్ ఫైల్‌లోని ఆప్ట్ కమాండ్లు, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఆప్షన్ తీసేయడం మరిచిపోవద్దు. అవి ఉంటే ఇమేజ్ కట్టి కూడా వర్కర్ లేచినప్పుడల్లా ఇన్‌స్టాలేషన్ నడుస్తూనే ఉంటుంది. లేటెస్ట్ ట్యాగ్ కూడా వదిలేయండి. జాబ్ మధ్యలో ఎవరైనా కొత్త ఇమేజ్ పుష్ చేస్తే ముందు లేచిన వర్కర్లలో ఒకటి, తర్వాత వచ్చిన వాటిలో ఇంకొకటి ఉంటుంది. గిట్ కమిట్ నంబర్‌ను ట్యాగ్‌గా పెట్టండి.

గోదారి_డేటా:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. బీమ్ ఇమేజ్ బేస్‌గా ఏఎండీ64కి కట్టాక వర్కర్లు వెంటనే లేచాయి. తనిఖీ వరస ఒకటి పట్టేసింది కూడా, టెల్ ప్యాకేజీ నిజంగానే మరిచిపోయాం.

ఇప్పుడు రెండు చిక్కులు. ఎన్1 స్టాండర్డ్ 4 వర్కర్ మీద సీపీయూ నిండుగా ఉన్నా పేజీలు నెమ్మదిగా కదులుతున్నాయి. 400 పేజీల పుస్తకాల దగ్గర వర్కర్ మెమరీ నిండి చనిపోతోంది. పీడీఎఫ్2ఇమేజ్‌లోని కన్వర్ట్ ఫ్రమ్ బైట్స్‌తో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) పేజీలు తీస్తున్నాం.

కర్నూలు_క్లౌడ్ సమాధానం:

మెమరీ లెక్క చూడండి. ఏ4 పేజీ 300 డీపీఐలో 2480 × 3508 పిక్సెళ్లు. రంగుల్లో పిక్సెల్‌కి 3 బైట్లు, అంటే పేజీకి సుమారు 26 ఎంబీ. 400 పేజీలను ఒకే పిలుపులో లిస్టుగా తీస్తే 10 జీబీ దాటుతుంది. ఎన్1 స్టాండర్డ్ 4లో ఉన్నది మొత్తం 15 జీబీ, పైగా డేటాఫ్లో పైథాన్‌లో వీసీపీయూకి (వర్చువల్ సీపీయూకి) మీ కోడ్ నడిపే ఎస్‌డీకే ప్రాసెస్ ఒకటి చొప్పున నాలుగు లేస్తాయి. రెండు పుస్తకాలు ఒకేసారి పడితే చాలు.

పీడీఎఫ్‌ఇన్ఫోతో పేజీల సంఖ్య మాత్రం తెలుసుకుని, ఫైల్ దారి, మొదటి పేజీ, చివరి పేజీ అన్న చిన్న ఎలిమెంట్లుగా (పని ముక్కలుగా) విడగొట్టండి. ఒక్కో పేజీకి ఒక ఎలిమెంట్ పెడితే అదే పీడీఎఫ్‌ను 400 సార్లు డౌన్‌లోడ్ చేయాల్సి వస్తుంది. 20 పేజీలకు ఒకటి పెడితే 20 డౌన్‌లోడ్లతో తేలిపోతుంది. ఆ విడగొట్టే మెట్టు తర్వాత రీషఫుల్ (ఎలిమెంట్లను వర్కర్లకు మళ్లీ పంచే మెట్టు) తప్పనిసరి. అది లేకపోతే డేటాఫ్లో రెండు మెట్లనూ ఒకటిగా కలిపి (ఫ్యూజ్ చేసి) పుస్తకం మొత్తాన్ని ఒకే వర్కర్ నెత్తిన పెడుతుంది. తర్వాతి మెట్టులో ఫైల్‌ను టెంప్ ఫోల్డర్‌లోకి దించి, ఫస్ట్ పేజ్, లాస్ట్ పేజ్ రెండింటికీ ఒకే నంబర్ ఇచ్చి పేజీ పేజీగా తీయండి, గ్రేస్కేల్ ఆన్‌లో పెట్టి. పేజీకి 9 ఎంబీ లోపే వస్తుంది. దించిన ఫైల్‌ను పని అవ్వగానే తుడిచేయాలి, ఎర్రర్ వచ్చినా సరే. లేకపోతే రెండు గంటల్లో డిస్క్ నిండుతుంది.

వేగం సంగతి. టెసరాక్ట్ తనంతట తానే ఓపెన్ఎంపీతో నాలుగు థ్రెడ్ల దాకా తెరుస్తుంది. నాలుగు ప్రాసెస్‌లూ తలా ఒక టెసరాక్ట్ నడిపితేనే నాలుగు వీసీపీయూల మీద 16 థ్రెడ్లు కొట్టుకుంటాయి. పైగా బీమ్ ఒక్కో ప్రాసెస్‌లో పలు థ్రెడ్లు నడుపుతుంది, పైటెసరాక్ట్ ఒక్కో పిలుపుకూ బయట కొత్త ప్రాసెస్ లేపుతుంది. కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువ. సీపీయూ నిండుగా కనబడుతుంది, పని మాత్రం సాగదు. డాకర్‌ఫైల్‌లో ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వండి. జాబ్ ఆప్షన్లలో నంబర్ ఆఫ్ వర్కర్ హార్నెస్ థ్రెడ్స్‌కి కూడా 1 పెట్టండి. అప్పుడు వీసీపీయూకి ఒక టెసరాక్ట్, దానికి ఒక థ్రెడ్.

300 డీపీఐ అంకెను కూడా ఒకసారి సరిచూసుకోండి. పీడీఎఫ్‌ఇమేజెస్‌ను లిస్ట్ ఆప్షన్‌తో నడిపితే లోపలి స్కాన్ అసలు డీపీఐ చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్ పాప్లర్ యుటిల్స్‌లోనే ఉంది కాబట్టి మీ ఇమేజ్‌లో ఇప్పటికే ఉంటుంది. పుస్తకం 150లో స్కాన్ అయి ఉంటే 300కి సాగదీసినా పోయిన వత్తు తిరిగి రాదు. అలాంటి ఫైళ్ల పేర్లు వేరే టేబుల్‌లోకి రాసిపెడితే మళ్లీ స్కాన్ చేయాల్సిన పుస్తకాలేవో తెలుస్తాయి.

గోదారి_డేటా:

థ్రెడ్ లిమిట్ 1 పెట్టి, 20 పేజీల ఎలిమెంట్లు, రీషఫుల్ చేర్చాక మొదటి 400 పేజీల పుస్తకం మెమరీ తప్పు లేకుండా పూర్తయింది. డీపీఐ తనిఖీని ఓసీఆర్‌కి ముందు మెట్టుగా చేరుస్తున్నాం.