పిల్లలతో ప్రహ్లాదుడి సంగీత నాటకం: ఆడిషన్స్ ఎలా పెట్టాలి, కాస్త చెప్పండి

తెనాలి_టీచరమ్మ
నమస్తే అందరికీ. మాది తెనాలి. ఈ దసరాకి మా కాలనీ పిల్లలతో ప్రహ్లాదుడి కథ వేయిద్దామని అనుకున్నాం, మామూలు స్కిట్ కాదండీ, పద్యాలు పాటలు కోలాటం అన్నీ కలిపి గంటన్నర. ఏడేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా ఎవరైనా రావచ్చని వాట్సాప్ గ్రూపులో పెట్టామో లేదో పేర్లు కుప్పలుగా వచ్చి పడ్డాయి, పాత్రలు చూస్తే డజను కూడా లేవు.
నాకొచ్చిన తలనొప్పులు ఇవి. అసలు పిల్లల చేత ఏం పాడించి చూడాలి? నచ్చింది పాడమంటే అందరూ సినిమా పాటే, ఫోన్లో కరోకే పెట్టుకుని. ఇంకోటి, తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడున్నాడు, హిరణ్యకశిపుడి డైలాగ్ చెప్తే ఒళ్ళు జలదరిస్తుంది గానీ పద్యం ఎత్తుకుంటే మధ్యలో గొంతు పగిలిపోతోంది. మూడోది పెద్దది, షామియానా ఖర్చు పెట్టే ఆయన వాళ్ళబ్బాయినే ప్రహ్లాదుడిగా పెట్టాలని కమిటీలో గుసగుస. ఆ పిల్లాడు మంచివాడే, పాపం నోరు విప్పడు.

పెట్టె_మాస్టారు
అమ్మా, నేను గుంటూరు వైపు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాణ్ణి, ఇప్పుడు వేళ్ళు సహకరించట్లేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. నువ్వు చెప్పిన కరోకే గొడవలోనే సగం అన్యాయం జరిగిపోతుంది చూసుకో. సినిమాలో మగవాళ్ళు పాడిన పాట వాళ్ళ శృతికి, అంటే వాళ్ళ గొంతు ఎత్తుకి ఉంటుంది, పదేళ్ళ పిల్ల ఆ ట్రాక్ మీద పాడితే కింద అందదు, పై స్థాయికి పోతే పైన అందదు, మనం ఈ పిల్లకి గొంతు లేదురా అని రాసేస్తాం. అదే పిల్లకి అయిదున్నరో ఆరో శృతి ఇచ్చి చూడు (అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది), గంటలా మోగుతుంది. కాబట్టి ట్రాక్ వద్దు. ఫోన్లో తంబూరా యాప్ పెట్టి అయిదుతో మొదలెట్టి అటూ ఇటూ జరుపుతూ ఏ శృతిలో పిల్ల మొహం మీద ఇబ్బంది పోతుందో చూసి పేరు పక్కన ఆ అంకె రాసుకో. తర్వాత పద్యాలు పంచేటప్పుడు ఆ కాగితమే నీకు దిక్కు.
ఏం పాడించాలంటే పోతన గారి పద్యమే. ఇందుగలడందులేడని పద్యం బడిలో చదివే ఉంటారు, కందం, చిన్నది, ఊపిరి చాలుతుంది. మందార మకరంద జోలికి అప్పుడే పోవద్దు, అది సీసం, పొడుగు పద్యం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకపోతే పెద్దవాళ్ళే నీళ్ళు నములుతారు. అది ఎంపికయ్యాక నేర్పుకునేది. రాగం తీయడం చూడొద్దు, మాట స్పష్టంగా పడుతోందా చూడు, వెనక కుర్చీలో కూర్చున్న ముసలమ్మకి పద్యం అర్థం కాకపోతే ఎంత రాగం తీసి ఏం లాభం.

బమ్మెర_పోరడు
మాస్టారు పోతన పేరు ఎత్తిండు గదా, మాది జనగామ జిల్లా, ఆయనది మా బమ్మెరనే, గందుకని నేను మాట్లాడకుండ ఉండలేను 😄
అక్కా, నేను సర్కారు బడిల పిల్లలతోని ఏటా ఏదో ఒకటి ఏపిస్త. ఇంటికాడ నేర్చుకొని వచ్చింది వినుడు బంద్ చెయ్యి. ఇంట్ల సంగీతం టీచర్ ఉన్న పోరి ముందట, ఏం లేని పోరగాడు ఎట్ల నిలబడతడు? నేనైతే ఎనిమిది మందిని ఒక్క బ్యాచ్ చేసి అక్కడికక్కడ రెండు లైన్ల పాట, ఎవ్వరికీ తెల్వనిది, మూడు సార్లు పాడి చెప్త. తర్వాత అందరు కలిసి పాడుడు, మల్ల ఇద్దరిద్దరు పాడుడు. ఒక్కన్నే నిలబెట్టి పాడుమంటే భయంతోని గొంతు రాదు, పక్కన ఇంకొకడు ఉంటే వస్తది. ఎవడు తొందరగ పట్టుకుంటుండో, ఎవడు పక్కోడు మర్చిపోతే అందిస్తుండో అంతా కండ్ల ముందట్నే కనవడతది. ఆ అందించేటోన్ని మాత్రం ఇడవకు, స్టేజి మీద డైలాగ్ ఆగిపోయినప్పుడు నాటకాన్ని కాపాడేది వాడే. కోలాటం కూడ గట్లనే, నాలుగు దెబ్బలు నేర్పి తాళం తప్పినంక మల్ల ఎట్ల కలుస్తుండో చూడు, తప్పుడు ఎవలైన తప్పుతరు.

ప్రేక్షకుడు_హైదరాబాద్
అసలు ఆడిషన్ ఎందుకండీ కాలనీ నాటకానికి? సురభి నాటక సమాజం వాళ్ళు 1885 నుంచి ఆడుతున్నారు, కుటుంబాలకి కుటుంబాలే నాటకం, వాళ్ళ పిల్లలు పాకే వయసులోనే స్టేజి ఎక్కుతారు, ఎవరు ఆడిషన్ పెట్టారు వాళ్ళకి? 1932లో మొదటి తెలుగు టాకీ తీసినప్పుడు అదీ ఈ ప్రహ్లాదుడి కథే, సురభి వాళ్ళనే తీసుకున్నారు. వచ్చిన పిల్లలందర్నీ ఎక్కించేయండి, చూసేది వాళ్ళ అమ్మానాన్నలే కదా.

పెట్టె_మాస్టారు
బాబూ, సురభి పిల్లాడు పుట్టినప్పటి నుంచి పొద్దున లేస్తే పద్యం, పడుకుంటే పద్యం, వాడికి రోజూ ఆడిషనే. మన పిల్లలు ట్యూషన్‌కీ ట్యూషన్‌కీ మధ్య ఒక గంట వస్తారు, దసరా సెలవుల ముందు పరీక్షలంటే అదీ రారు. ప్రహ్లాదుడికి పద్యాలే పద్యాలు, అది మోయలేని పిల్లాడి నెత్తిన పెడితే జనం ముందు ఏడిచేది వాడు. అందర్నీ ఎక్కించమన్న మాట మాత్రం ఒప్పుకుంటా. గురుకులంలో శిష్యులు ఎంతమందైనా ఉండొచ్చు, రాక్షస భటులు ఎంతమందైనా ఉండొచ్చు.
అమ్మా, ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి సంగతి. వాడికి గొంతు మారుతోంది, ఇవాళ ఉన్న శృతి దసరాకి ఉండదు, తగ్గిస్తూ పోవాలి. బలవంతంగా పైకి అరిపించొద్దు, పాడైపోతుంది. పాత్ర వాడికే ఇవ్వు. పద్యాలు ఒకటో రెండో ఉంచి అవి కూడా రాగం లేకుండా డైలాగులా గద్దించి చెప్పించు, మిగతావి వెనక వంతవాళ్ళ చేత పాడించు. హిరణ్యకశిపుడికి గొంతు బొంగురుగా ఉంటే మంచిదేగా.

డాలస్_అమ్మ
మేం ఇక్కడ అసోసియేషన్ ఉగాదికి పిల్లల నాటకం వేస్తాం కాబట్టి ఒక చిన్న మాట. మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వస్తుంది గానీ చదవడం చాలామందికి రాదు, స్క్రిప్ట్ చేతికిస్తే తెల్లమొహం వేస్తారు, అదే ముందురోజు నా గొంతుతో ఆడియో పంపితే "హ" దగ్గర ఒత్తు కూడా వదలరు. మీ దగ్గర ఇంగ్లీష్ మీడియం పిల్లలు ఎక్కువైతే మీకూ అదే గతి, కాగితం చూసి తడబడ్డ పిల్లని నటన రాదని తీసేయకండి. ఇంకా, అమ్మానాన్నల్ని గదిలోకి రానివ్వద్దు దయచేసి. తల్లి గుమ్మంలో నిలబడి పెదాలు కదుపుతూ ఉంటే పిల్ల మనవైపు చూడదు. వీడియోలు తీస్తే మీకోసమే ఉంచుకోండి, గ్రూపులో పెట్టారా ఇక పోలికలు మొదలు. ఫలితం కూడా గ్రూపులో లిస్టుగా పెట్టకుండా ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి "మీ పాప ఫలానా వేషం" అని చెప్పండి. "సెలెక్ట్ కాలేదు" అనే మాటే రాకూడదు.

ప్రహ్లాదుడిగా అమ్మాయినీ చూడండి, ఆ వయసులో గొంతులో తేడా ఏముంటుంది. రంగస్థల నటులు స్థానం నరసింహారావు గారు మగవారై ఉండి సత్యభామ వేసి జనాన్ని మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు, మీ ప్రాంతం వాళ్ళకి ఇది నేను చెప్పాలా 🙂

తెనాలి_టీచరమ్మ
అందరికీ వేలవేల దండాలు. మాస్టారూ, శృతి అంకెల కాగితం ఇవాళే గీశాను. తమ్ముడూ, నీ బ్యాచ్ పద్ధతే పెడతాం, ఆదివారం పొద్దున లైబ్రరీ హాల్లో, తల్లిదండ్రులకి కింద టీలు. షామియానా గారి అబ్బాయి సంగతి ఏమీ తేలలేదు, బ్యాచ్‌లో వాడినీ కూర్చోబెడతా, మిగతావాళ్ళతో సమానంగా. జడ్జిల్లో కమిటీ వాళ్ళెవరూ ఉండరని చెప్పేశా, అలిగారు, అలగనీ.
అన్నట్టు ప్రహ్లాదుడి గురువులు చండామార్కుల వేషాలకి ఇద్దరు అల్లరి కవలలు దొరికారు, పాట అస్సలు రాదు, నవ్వించి చంపుతారు. నరసింహస్వామికి మాత్రం ఎవరూ తగల్లేదు. ఆ వేషానికి పాట ముఖ్యమా, ఒడ్డూ పొడుగూ ముఖ్యమా?

పెట్టె_మాస్టారు
రెండూ కాదమ్మా. మాస్క్ పెట్టుకుని అంతసేపు స్తంభం లోపల ఉక్కపోతలో దగ్గకుండా, తుమ్మకుండా నిలబడగలిగే వాణ్ణి చూడు. ఆదివారం తొమ్మిదింటికి నేనూ వస్తున్నా, నాకు టీలో పంచదార వద్దు.